ఫుల్ కొట్టు చాచా

నేను గాలి పంపును. బాన్సువాడలో ఒక సైకిల్ రిపేరు దుకాణం ముందు నిలబడి ఉంటాను. కింది రేకును కాళ్లతో తొక్కిపట్టి, పైన పిడి పట్టుకుని రెండు చేతులతో కొట్టే పాతకాలం రకం. మీటరు లేదు. ఇనుప గొట్టం, లోపల తోలు వాషరు, కింద రబ్బరు పైపు, దాని కొసకు నాజిలు. అంతే నా ఒళ్లు. ఎండాకాలంలో తోలు ఎండిపోయి గాలి వెనక్కి తన్నితే దుకాణం నడిపే ఉస్తాద్ నన్ను విప్పి రెండు చుక్కల నూనె వేస్తాడు. టైరులో గాలి ఎంత పట్టిందో ఆయన బొటనవేలితో నొక్కి చూసి చెబుతాడు. ఆ వేలికి మించిన మీటరు ఉంటుందని నాకు చాలాకాలం తెలియదు.

మా ఇంటి పెద్దల గురించి చెప్పాలంటే బెల్‌ఫాస్ట్ దాకా పోవాలి. 1888లో అక్కడ జాన్ బాయిడ్ డన్‌లప్ అనే పశువుల డాక్టరు తన కొడుకు మూడు చక్రాల బండికి రబ్బరు గొట్టం చుట్టి గాలి నింపాడు. గతుకుల మీద పిల్లవాడి నడుము అదిరిపోతోందని ఆయన బాధ. అంతకు ముందే, 1845లోనే, రాబర్ట్ విలియం థామ్సన్ అనే స్కాట్లాండ్ ఆయన గాలి టైరుకు పేటెంట్ తీసుకుని ఉన్నాడని తర్వాత తేలి డన్‌లప్ పేటెంట్ చెల్లకుండా పోయింది. ఎవరిది ముందైతేనేం, గాలి టైరు పుట్టింది గతుకుల కోసం. తర్వాత దాన్ని సన్నగా చేసి రాయిలా బిగించింది వేగం కావాలన్నవాళ్లు, బరువులు మోయాలన్నవాళ్లు.

నా దగ్గరికి వచ్చినవాళ్లు రెండో రకం. రెండు పక్కలా పాల క్యాన్లు వేలాడేసుకునేవాళ్లు, హ్యాండిలుకు లొట్లు కట్టుకుని తాటివనానికి పోయే గీత కార్మికులు, వెనక వడ్ల బస్తా వేసుకుని గిర్నీకి పోయే రైతులు. అందరిదీ ఒకటే మాట: "ఫుల్ కొట్టు చాచా." వాళ్ల నల్ల సైకిళ్లకు గాలి తక్కువైతే బరువుకు రిమ్ము నేలకు తగిలి ట్యూబు నలిగిపోతుంది. అందుకని వాల్ ట్యూబు పగిలేదాకా కొట్టించుకునేవాళ్లు. పొలం గట్ల మీద, కాలువ కట్టల మీద, ముళ్ల దారుల్లో, గేరు లేదు, షాకరు లేదు, రాడ్ బ్రేకులతో తిరిగారు. అడ్వెంచర్ అనే మాట ఆ దారుల్లో ఎవరి నోటా రాలేదు. వాళ్లు ఎక్కువగా తొక్కిన అట్లాస్ కంపెనీ 1951లో సోనిపట్‌లో మొదలైంది. దాని సాహిబాబాద్ ఫ్యాక్టరీ 2020 జూన్ 3న ఆగిపోయింది. అది ప్రపంచ సైకిల్ దినం. పేపర్లో ఆ వార్త చదివి ఉస్తాద్ ఏమీ అనలేదు, ఇంకో చాయ్ తెప్పించుకున్నాడు.

ఇట్లా ఫుల్ కొడుతూ బతికిన నా ముందుకు ఒకరోజు ఒక ఏఈవో మేడం వచ్చింది. పక్క మండలంలో వ్యవసాయ విస్తరణ అధికారి. పొలాలు తిరగడానికి స్కూటీ ఉంది. ఆదివారాలకు సైకిల్ కావాలట.

"మొరం మీద పోవాలె, ఇసుకల పోవాలె, గుట్టలెక్కాలె. అన్నిటికి ఒక్కటే సైకిల్ చాచా. ముప్పై నలభై వేల నడుమ ఉండాలె."

ఉస్తాద్ పానా కింద పెట్టాడు. "ముందుగాల నేల సంగతి చెప్పు బేటీ. సైకిల్ సంగతి తర్వాత చూద్దాం."

ఈ మాట నాకు నచ్చింది. నేను ఈ దుకాణం దాటి ఎక్కడికీ పోలేదు గానీ చుట్టూ నలభై కిలోమీటర్ల నేల నాకు టైర్ల మీద తెలుసు. ఎర్రటి మొరం దుమ్ము పట్టి వచ్చిందంటే అది నిజాంసాగర్ కాలువ కట్ట మీద తిరిగిన బండి. మంజీర మీద ఆ ప్రాజెక్టును 1923లో మొదలుపెట్టి 1931లో పూర్తి చేశారు. చీఫ్ ఇంజనీరు అలీ నవాజ్ జంగ్. కట్టినప్పుడు దాదాపు 30 టీఎంసీలు పట్టేది. మట్టి చేరి చేరి ఇప్పుడు 17.8కి దిగింది. మా ఊరి పక్కగా పోయే ఆ కాలువ కట్ట సైకిల్‌కు మంచి దారి: ఎత్తుపల్లాలు తక్కువ, లారీలు రావు. కాకపోతే మొరం పైన గులకరాళ్లు గోలీల్లా దొర్లుతుంటాయి, మలుపులో ముందు చక్రం జారుతుంది.

వానాకాలం నాట్లప్పుడు ఇంకో రకం. కేజ్‌వీల్ ట్రాక్టర్లు పొలంలోంచి రోడ్డెక్కి నల్లమట్టిని ముద్దలు ముద్దలుగా వదిలిపోతాయి. ఆ మట్టి టైరుకూ ఫోర్కుకూ మధ్య ఇరుక్కుంటే చక్రం తిరగదు, సైకిల్‌ను భుజానికెత్తుకోవాలి. ఎండితే పుల్లతో కూడా రాలదు. కోతలకు తారు రోడ్డు సగం వడ్ల కళ్లమైపోతుంది. ఆరబోసిన వడ్ల మీద తొక్కితే జారిపడడం ఒకటి, రైతు తిట్లు ఒకటి. బీర్కూర్ వైపు మంజీర ఒడ్డున ఇసుక. కౌలాస్ కోట వైపు రాళ్ల గుట్టలు. అన్ని చోట్లా పల్లేరు కాయలు. అది ఎట్లా పడినా ఒక ముల్లు పైకే చూస్తుంది. మా దుకాణం సగం దాని మీదే నడుస్తోందంటే తప్పులేదు.

మేడం మనసు మొదట డబుల్ షాకర్ మీద ఉంది. ముందొకటి, సీటు కింద ఒకటి. చూడడానికి మోటర్ సైకిల్‌కు తమ్ముడిలా ఉంటుంది. ఉస్తాద్ మూలకు చెయ్యి చూపించాడు. అక్కడ అలాంటివి రెండు మూడు, స్ప్రింగులు తుప్పు పట్టి, బుష్షులు అరిగి, యజమానులు మరిచిపోయినవి పడి ఉన్నాయి.

"అసలైన డబుల్ షాకరు లక్షల్ల ఉంటది బేటీ. దాంట్ల స్ప్రింగు ఎగరకుండ అణిచేటందుకు నూనె ఉంటది. నీ పైసలకు వచ్చేదాంట్ల ఉత్త స్ప్రింగే. నువ్వు తొక్కిన బలం సగం అదే తింటది. ఆ పైసలు ముందు షాకరు మీద పెట్టు."

ఆమె ఒప్పుకుంది. వెనక షాకరు లేకుండా ముందు మాత్రం 100 మిల్లీమీటర్లు దిగే ఫోర్కు. కొన్ని ఫోర్కుల్లో స్ప్రింగుకు బదులు గాలే ఉంటుందని ఆమె చెప్పినప్పుడు నా ఛాతీ ఉబ్బింది. మనిషి బరువును బట్టి గాలి పెంచుకోవచ్చట, తగ్గించుకోవచ్చట. ఆ వెంటనే ఇంకో మాట చెప్పింది: దానికి ఈ పంపు పనికిరాదు, జానెడు పొడవుండే వేరే పంపు కావాలి, అది తక్కువ గాలిని ఎక్కువ ఒత్తిడితో తోస్తుంది. సరే, ఉండనీ.

చక్రం దగ్గర పెద్ద చర్చే జరిగింది. 26, 27.5, 29 అంగుళాలు. "మన నల్ల సైకిల్ 28. గది ఇంకో అంగుళం పెద్దదా?" అన్నాడు ఉస్తాద్. మేడం టేపు అడిగింది. టైరు కూర్చునే చోట నల్ల సైకిల్ రిమ్ము అడ్డకొలత 635 మిల్లీమీటర్లు, 29 అని పిలిచే దానిది 622. అంటే 29 రిమ్మే చిన్నది! లావు టైరు ఎక్కించాక బయటి కొలత పెరుగుతుంది కాబట్టి ఆ పేరు. ఇన్నేళ్లుగా అంకెల్ని నమ్మి ట్యూబులు అమ్మిన ఉస్తాద్ ఆ రోజు టేపును రెండుసార్లు తిప్పి చూశాడు.

29 చక్రం రాళ్ల మీద సాఫీగా దాటుతుంది, గుంతలో దిగబడదు. కానీ మేడం ఐదడుగులు దాటి కొంచెమే. నిజామాబాద్ స్నేహితురాలి 29 సైకిల్‌ను తెచ్చి కట్ట మీద తొక్కి వచ్చింది. మెడ దగ్గర సాగిపోయినట్టుంది, దిగేటప్పుడు రాడ్డు తగులుతోంది, మెలిక దారిలో హ్యాండిలు తిప్పితే చెప్పు కొస ముందు చక్రానికి రాసుకుంటోంది. అది మీడియం ఫ్రేము. ఇంకెవరిదో చిన్న ఫ్రేము, 27.5 చక్రాలది తొక్కి వచ్చినప్పుడు ఫిర్యాదులేవీ చెప్పలేదు, ఆకలేస్తోందని మాత్రం అన్నది. నేనైతే అక్కడే తేలిపోయిందనుకున్నాను. ఫ్రేము కుదరని సైకిల్‌కు ఎంత మంచి గేర్లుంటే ఏం లాభం?

అన్నట్టు, ఈ కొండ సైకిళ్ల పుట్టుక సంగతి కూడా ఆమె చెప్పగా విన్నదే. కాలిఫోర్నియాలో మౌంట్ టామల్పైస్ అనే కొండ ఉంది. 1970లలో అక్కడి కుర్రాళ్లు పాత ష్విన్ సైకిళ్లను పాతసామాను దుకాణాల్లో కొని కొండ మీది నుంచి కిందికి దౌడు తీసేవాళ్లు. ఆ దగ్గర్లోనే ఇంకో దారిలో పందెం 1976లో మొదలైంది. దారి పేరు రీప్యాక్. వెనక్కి తొక్కితే పడే బ్రేకులు కిందికి వచ్చేసరికి కాలిపోయి లోపలి గ్రీజంతా పొగైపోయేది, మళ్లీ గ్రీజు కూరాల్సి వచ్చేది. అందుకే ఆ పేరు. వాళ్లలో ఒకడైన జో బ్రీజ్ 1977లో ఈ పని కోసమే ఫ్రేము కట్టాడు. 1981లో స్పెషలైజ్డ్ కంపెనీ స్టంప్‌జంపర్‌తో కొండ సైకిల్‌ను అంగట్లోకి తెచ్చింది. 1996 అట్లాంటా ఒలింపిక్స్‌లో అదొక ఆట అయి కూర్చుంది.

వాళ్లు ఆ పాత ష్విన్‌లనే ఎందుకు ఏరుకున్నారన్నదే నాకు ముఖ్యం. వాటికి బెలూన్ టైర్లు. ష్విన్ కంపెనీ 1933లో తెచ్చిన, రెండంగుళాలకు పైగా లావున్న టైర్లు. ఆ టైరు పట్టే ఫ్రేము కాబట్టి అది రాళ్లను తట్టుకుంది. గేర్లు, డిస్కులు, షాకర్లు అన్నీ తర్వాత వచ్చి చేరినవే. సైకిల్ కొనేవాళ్లు మొదట గేర్లు లెక్కపెడతారు. 21 ఉన్నాయా, 24 ఉన్నాయా అని. ఫోర్కులో, వెనక రాడ్ల మధ్యలో ఎంత లావు టైరు పడుతుంది, చుట్టూ మట్టి జారిపోవడానికి వేలెడు సందు మిగులుతుందా అని అడిగేవాళ్లను ఒక చేతి వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. నన్నడిగితే మొదటి ప్రశ్న అదే. నన్నెవరూ అడగరు కదా.

గేర్ల విషయంలో ఉస్తాద్ గెలిచాడు. ముందు మూడు పళ్ల చక్రాలు, వాటి మీద చైను మార్చే డిరైలర్ ఉంటే నాట్లకాలం మట్టి మొదట పట్టేది అక్కడే. ముందు ఒకటే ఉండి వెనక పెద్ద పళ్లచక్రాలున్నది తీసుకొమ్మన్నాడు. బ్రేకుల్లో ఓడిపోయాడు. వైరు డిస్కు అయితే తెగినా బాన్సువాడలోనే వైరు దొరుకుతుంది, నూనె బ్రేకుకు గాలిబుడగ చేరితే తీయడానికి నిజామాబాద్ పోవాలన్నాడు. "ఒక్క వేలితోని ఆగుతది చాచా, దిగుట్ల చెయ్యి నొయ్యది" అని ఆమె నూనె బ్రేకులే తీసుకుంది. గాలిబుడగే దోషమైపోయే యంత్రం ఒకటుందని నాకు అప్పుడే తెలిసింది.

సైకిల్ అట్టపెట్టెలో వచ్చింది. 2.25 అంగుళాల టైర్లు, 2.4 దాకా సందు, సన్న వాల్వులు. ఉస్తాద్ వాటికి ఇత్తడి అడాప్టర్ తగిలించి నన్ను పట్టుకుని అలవాటుగా ఫుల్ కొట్టాడు. బొటనవేలికి టైరు రాయిలా తగిలింది. నేను గర్వపడ్డాను. ఆమె కట్ట మీద కాసేపు తిరిగి వచ్చి, మణికట్లు రుద్దుకుంటూ, జేబులోంచి చిన్న మీటరు తీసింది. వాల్వు వదులు చేసి గోటితో నొక్కింది. నేను కొట్టిన గాలిని మనిషి కావాలని వదిలేయడం నేను చూడడం అదే మొదలు. ముందు 24, వెనక 27 పీఎస్ఐ దగ్గర ఆపింది. నేను అరవై దాకా బిగించేవాణ్ని!

దాని లెక్క ఇదట: గట్టి టైరు రాయిని గుద్దుకుని ఎగురుతుంది, ఎగిరినంతసేపు నేల మీద పట్టుండదు. లావు టైరులో గాలి తగ్గిస్తే రాయి టైరులోకి దిగుతుంది, టైరు దాని మీంచి పాకిపోతుంది. ఇసుకలో అయితే వెడల్పుగా పరుచుకుని తేలుతుంది. మరీ తగ్గిస్తే రాయికీ రిమ్ముకూ మధ్య ట్యూబు నలిగి పక్కపక్కనే రెండు గాట్లు పడతాయి. పల్లేరుకైతే ఎంత గాలైనా ఒకటే. అందుకని ట్యూబు తీసేసి లోపల అంటుకునే పాలలాంటి ద్రవం పోసే ట్యూబ్‌లెస్ చేయించుకుంది. ముల్లు గుచ్చుకున్న చోట ఆ ద్రవమే పూడ్చేస్తుంది. ఆ టైరు రిమ్ముకు పట్టాలంటే ఒక్కసారిగా బోలెడు గాలి రావాలి. నావల్ల కాలేదు. ఉస్తాద్ చెమటలు కక్కేదాకా కొట్టి చివరికి పక్కన మోటర్ సైకిళ్ల పంచరు దుకాణంలోకి తీసుకుపోయాడు. కంప్రెసర్ తెరవగానే టప్ టప్‌మని కూర్చుంది.

ఇంత చెప్పినా, తక్కువ గాలి టైరును చూస్తే నాకిప్పటికీ పంచరైనట్టే అనిపిస్తుంది. పాలాయన వచ్చి ఫుల్ కొట్టమంటే ప్రాణం లేచొస్తుంది. ఆయనకు ఆయనది సరి, ఆమెకు ఆమెది. ఇప్పుడు దుకాణంలో నడుస్తున్న పంచాయితీ వేరు. వానాకాలం వస్తోంది, వెనక టైరుకు దగ్గర దగ్గర గుబ్బలుంటే నల్లమట్టి వదలదు, దూరం దూరంగా ఉన్న రకం కావాలని ఉస్తాద్ అంటాడు. అది వేస్తే మొరం మీద ఈడ్చుకుపోతుందని ఆమె. రెండూ తెప్పించి ఒకటి గోడకు వేలాడేద్దామా అని మాట్లాడుకుంటున్నారు. ఉస్తాద్ మీటరున్న పంపు ధర కూడా అడిగాడని విన్నాను.