కిటికీకి తలపాగా

హైదరాబాద్‌లో కొత్త ఫ్లాటు గృహప్రవేశం పూర్తయిందో లేదో, బ్లైండ్ల కుర్రాడు దిగుతాడు. చంకలో గుడ్డముక్కల కేటలాగు, చేతిలో టేపు. హాల్లో పడమటి గోడ నేల నుంచి సీలింగు దాకా అద్దమే. అది చూడగానే అతని మొహం విప్పారుతుంది. "బ్లాకవుట్ వేయించండి మేడమ్, వేడి లోపలికి రానే రాదు. పైన పెల్మెట్ పెట్టామంటే లుక్కే వేరు!"

బ్లైండుకు చదరపు అడుగు లెక్క, పెల్మెట్‌కు రన్నింగ్ ఫీటు లెక్క. ఇంటాయన బేరం మొదలుపెట్టేలోపే ఇంటావిడ మెరూన్ రంగు గుడ్డ, బంగారు రంగు కుచ్చులు ఎంపిక చేసేస్తుంది. మర్నాడు డ్రిల్లింగ్ మిషన్ మోతతో పై అంతస్తువాళ్ల మధ్యాహ్నం నిద్ర ఆవిరి. బ్రాకెట్లు బిగుస్తాయి, పెల్మెట్ పెట్టె ఎక్కుతుంది, కిటికీ పెళ్లికొడుకులా తలపాగా చుట్టుకుని నిలబడుతుంది. ఆ పెట్టె మీద దుమ్ము దులపడానికి డైనింగ్ కుర్చీ ఎక్కాలి. ఎక్కినప్పుడల్లా లోపలి నుంచి బల్లి తొంగిచూస్తుంది. ఇంత ఖర్చులో సుఖపడేది అదొక్కటే.

లుక్కు మాటకు అడ్డు చెప్పేవారెవరూ లేరు. ఎవరి డబ్బు, ఎవరి కుచ్చులు వాళ్లవి. పేచీ అంతా "వేడి రాదు" అన్న మాటతోనే. మామూలు అద్దం మీద పడిన ఎండ వేడిలో 80 శాతానికి పైగా లోపలికి వచ్చేస్తుంది. తెర ఉన్నది అద్దానికి లోపల. అంటే తెరను తాకేసరికే ఎండ ఇంట్లోకి వచ్చేసినట్టు. వెనక తెల్ల పూత ఉన్న తెర కొంత ఎండను బయటికి తిప్పికొడుతుంది, నిజమే. మిగతాదంతా తాగి తెర కాగుతుంది, కాగి గదిని కాస్తుంది. సాయంత్రం నాలుగింటికి ఆ గుడ్డ మీద చెయ్యి పెడితే సంగతి తెలిసిపోతుంది. వెలుతురు మాత్రం బ్రహ్మాండంగా ఆగుతుంది. పట్టపగలు లైటు వేసుకుని, ఏసీ పెంచుకుని కూర్చోవచ్చు.

ఇక తలపాగా. చలిదేశాల్లో దానికో పని ఉంది. అక్కడ గదిలోని వెచ్చటి గాలి తెర వెనక్కి చేరి, చల్లటి అద్దానికి తగిలి, చల్లబడి కిందికి జారుతుంది. పైన మూస్తే ఆ ప్రవాహం మందగిస్తుంది. లండన్ జనవరికి పనికొచ్చే ఏర్పాటును కూకట్‌పల్లి మే నెలకు బిగించి, ఏసీ బిల్లు తగ్గుతుందని చెప్పాలంటే గుండె ధైర్యం కావాలి.

ఎండను ఆపాల్సింది అద్దానికి బయట. ఇది పెంకుటింటి చూరుకు తెలుసు, వసారాలో నీళ్లు చల్లిన వట్టివేళ్ల తడికకూ తెలుసు. పుదుచ్చేరిలోని అరవిందాశ్రమానికి ఆర్కిటెక్ట్ ఆంటోనిన్ రేమండ్ 1930లలో రూపకల్పన చేసిన వసతి గృహంలో కిటికీ అద్దాలే లేవు. ఉత్తర, దక్షిణ గోడల నిండా కావలసినట్టు తిప్పుకునే అడ్డరేకులు. దాని పేరు 'గోల్కొండ్'. అప్పటి హైదరాబాద్ దివాన్ సర్ అక్బర్ హైదరీ చొరవతో నిజాం సంస్థానం నుంచి లక్ష రూపాయలు అందాయి కాబట్టి ఆ పేరు. హైదరాబాద్ డబ్బుతో పుదుచ్చేరి నీడ కట్టుకుంది, హైదరాబాద్ మాత్రం అద్దం కట్టుకుని కుచ్చులు కొంటోంది.

ఇళ్లలో ఇంధన పొదుపు కోసం కేంద్రం 2018లో తెచ్చిన నియమావళి 'ఎకో నివాస్ సంహిత' గోడలు, కిటికీల గుండా వచ్చే వేడికి చదరపు మీటరుకు 15 వాట్ల హద్దు పెట్టింది. ఆ లెక్కలో కిటికీ బయటి సజ్జకు, పక్క రెక్కలకు విలువ ఉంది. లోపలి తెరకు లేదు. కుచ్చుల ఊసే లేదు.

సరే, బయట వెదురు తడిక కట్టుకుందామంటే అపార్ట్‌మెంటు సంఘం ఒప్పుకోదు, ఎలివేషన్ పాడవుతుందట! వచ్చే జనరల్ బాడీ మీటింగులోనైనా అధ్యక్షులవారూ, కార్యదర్శిగారూ ఆ నిబంధన తీసేయండి. మీ ఫ్లాటుకూ పడమటి కిటికీ ఉండే ఉంటుంది.