సేవ్ నొక్కగానే నేను మాయం

బెర్లిన్

నాన్నగారికి,

ఫోనులో రెండు ముక్కల్లో పోయేదానికి కాగితమూ కవరూ ఎందుకని మీరు విసుక్కుంటారని తెలుసు. కారణం ఉంది. తణుకులో మన ఇంటి వైఫై పాస్‌వర్డు మార్చడం ఎలాగో వీడియో కాల్లో చెప్పమన్నారు. చెబుతాను, మీరు వరసగా చేసుకుంటూ వస్తారు, చివర్లో 'సేవ్' నొక్కుతారు. అంతే. మీ ఫోను వైఫై ఊడిపోతుంది, నేను నోరు తెరిచిన భంగిమలో తెర మీద ఆగిపోతాను. తరువాత ఏం చెయ్యాలో చెప్పాల్సిన మనిషిని మీరే పంపించేశారన్నమాట. "ఆ కాసేపూ మొబైల్ డేటా ఆన్ చేసుకోమను" అంటారు మీ అల్లుడు. ఆయనకేం తెలుసు? రోజుకిచ్చే ఒకటిన్నర జీబీ మర్నాటికి మిగలదని ఎంత చెప్పినా, డేటా ఆపేసి పొదుపు చేసే మాస్టారు మీరు. కాబట్టి ఉత్తరమే దారి. కాగితానికి సిగ్నలుతో పనిలేదు.

ముందు మన పరిస్థితి చూద్దాం. కేబుల్ అబ్బాయి కనెక్షన్ ఇచ్చిన రోజున గుర్తుండడానికి సులువని మీ సెల్ నంబరునే పాస్‌వర్డుగా పెట్టి వెళ్లాడు. మేడ మీద వాటా ఖాళీగా ఉందని ఆ నంబరే మీరు టులెట్ బోర్డు మీద ఎర్ర రంగుతో రాయించి గేటుకి కట్టించారు. అంటే మన పాస్‌వర్డు జానెడు అక్షరాల్లో వీధిలో వేలాడుతోంది. వాటా అద్దెకు పోలేదు గానీ ఇంటర్నెట్ మాత్రం పూర్తిగా పోయింది. ఎదురింటి పిన్నిగారు సీరియళ్లన్నీ మన ఖాతాలోనే చూస్తారు. ట్యూషన్ పిల్లలు చెప్పులు మన గుమ్మంలో విప్పకముందే వాళ్ల ఫోన్లు లోపలికొచ్చేస్తాయి. పాలబ్బాయి నెలాఖరున మన అరుగు మీద కూర్చుని వీధి మొత్తం లెక్కలు ఫోన్‌పేలో తేల్చుకుని లేస్తాడు. సాయంత్రమయ్యేసరికి మీకు వార్తలు రావు, మీరు రౌటరుని తిడతారు. దాని తప్పు ఇందులో ఏమీ లేదండీ.

మీ అల్లుడు సాఫ్ట్‌వేర్ ఇంజనీరు. అందుచేత ఇక్కడ మా ఇంట్లో రౌటరు పని నాది. ఆ అనుభవంతోనే ఇదంతా రాస్తున్నాను.

జర్మనీలో ఇంట్లోకి ఇంటర్నెట్ రావాలంటే ముందు పోస్ట్‌మ్యాన్ రావాలి. దరఖాస్తు ఆన్‌లైన్లోనే పెట్టాం. యూజర్ నంబరూ రహస్య సంకేతాలూ మాత్రం కవర్లో వచ్చాయి. మెకానిక్ ఫలానా రోజున వస్తాడని ఇంకో కవరు. ఎన్నింటికో అందులో ఉండదు, పొద్దుటినుంచి కదలకుండా కూర్చోవాలి. రౌటరు మాత్రం కంపెనీ ఇచ్చిందే వాడాలని లేదు. ఎవరికి నచ్చింది వారు కొని పెట్టుకోవచ్చని 2016 ఆగస్టు 1 నుంచి చట్టమే ఉంది. మేం కొన్నది ఫ్రిట్జ్‌బాక్స్. ఏవీఎం అనే కంపెనీ 2004లో ఈ ఊళ్లోనే మొదలుపెట్టిన రకం. దాని సెట్టింగులు తెరవాలంటే బ్రౌజరులో 192.168.178.1 అని కొట్టాలి, లేదా ఫ్రిట్జ్ డాట్ బాక్స్ అన్నా తెరుచుకుంటుంది. ఇళ్ల లోపల మాత్రమే పలికే ఈ పేరుని 2024 జనవరిలో ఎవరో బయటి ఇంటర్నెట్లో తమ పేరున రిజిస్టరు చేయించేసుకున్నారు! కంపెనీ మధ్యవర్తుల దగ్గర తగువు పెట్టి రాబట్టుకుంది. సర్వే నంబరు గొడవలు తణుకులోనే ఉంటాయనుకోకండి.

అసలు భయం వేరే ఉంది. ఇక్కడికి చదువుకోవడానికి వచ్చే మన పిల్లలకి సీనియర్లు చేసే మొదటి ఉపదేశం, టోరెంటులో సినిమా దించకండిరా అని. దించితే కొన్నాళ్లకి లాయరు నుంచి ఉత్తరమొస్తుంది, వందల యూరోలు కట్టమని. అది వచ్చేది దించిన కుర్రాడికి కాదు, కనెక్షన్ ఎవరి పేరున ఉందో వాళ్లకి. 2010 మే నెలలో కార్ల్స్‌రూహేలోని పెద్ద కోర్టు ఒక తీర్పు చెప్పింది. ఒకాయన సెలవులకి ఊరెళ్లాడు. రౌటరు ఇంట్లో వెలుగుతూనే ఉంది. దాని పాస్‌వర్డు కంపెనీ పెట్టిందే, ఆయన మార్చలేదు. ఎవరో ఆయన వైఫైలోంచి ఒక పాట పంచిపెట్టారు. పాట నువ్వు పంచలేదు సరే, తాళం సరిగ్గా వేసుకోవద్దా అంది కోర్టు. నష్టపరిహారం వెయ్యలేదు గానీ లాయరు నోటీసు ఖర్చులకు మాత్రం ఆయన్నే బాధ్యుణ్ణి చేసింది. 2017లో చట్టం మార్చి ఈ భారం చాలావరకు తగ్గించారు. ఉత్తరాలు రావడం ఇప్పటికీ మానలేదు. అందుకే మా ఇంటికి ఆదివారం భోజనానికి వచ్చే కుర్రాళ్లకి గోంగూర పచ్చడి అడక్కుండా వడ్డిస్తాను, పాస్‌వర్డు మాత్రం అడిగినా ఇంట్లోది ఇవ్వను. అతిథులకి వేరే ఉంది. ఆ సంగతి చివర్లో చెబుతాను, ఎందుకంటే మన సమస్యకి మందు అదే.

"మన వీధిలో ఎవరికమ్మా అంత తెలివి" అంటారు మీరు. 2008లో అహ్మదాబాద్ పేలుళ్లప్పుడు ఉగ్రవాదుల ఈమెయిల్ ఎక్కణ్ణుంచి వచ్చిందో తెలుసా? నవీ ముంబయిలో ఒక అమెరికన్ ఇంటి తాళంలేని వైఫై నుంచి. ఆయనకేమీ సంబంధం లేదు, పోలీసులు ముందు వెళ్లింది మాత్రం ఆయన ఇంటికే.

ఇక పనిలోకి దిగుదాం. కళ్లజోడు, పాత డైరీ, పెన్ను దగ్గర పెట్టుకోండి.

రౌటరుని బీరువా మీద నుంచి దించండి. వైరు లాగకండి, అది గాజుతీగ, మడత పెడితే పోతుంది. ఎలక్ట్రిక్ వస్తువు ఆగ్నేయంలోనే ఉండాలని బాబాయి చెప్పారట గానీ, ఆగ్నేయంలో ఉన్నది ఇనప బీరువా. ఇనుము తరంగాల్ని అడ్డుకుంటుంది. వాస్తుకి భంగం రాకుండా కేబుల్ అబ్బాయి చేత హాలు ఆగ్నేయ మూలకి మార్పించండి. సరే, దాన్ని తిరగేస్తే అడుగున ఒక చీటీ అంటించి ఉంటుంది. అందులో మూడు విషయాలు చూడండి: తెరవాల్సిన చిరునామా, యూజర్ నేమ్, పాస్‌వర్డు. చిరునామా సాధారణంగా 192.168.1.1 అనో 192.168.0.1 అనో ఉంటుంది. చీటీ చెరిగిపోతే ఫోనులో వైఫై సెట్టింగుల్లోకి వెళ్లి, మన నెట్‌వర్కు పేరు మీద నొక్కితే 'గేట్‌వే' అని చూపిస్తుంది. అదే.

ఆ అంకెల్ని బ్రౌజరు పైనున్న అడ్రసు గడిలోనే కొట్టండి. గూగుల్లో వెతికితే ప్రపంచంలోని రౌటర్ల చరిత్రంతా చెబుతుంది, మన రౌటరు తలుపు తియ్యదు. ఆ చిరునామా మన ఇంటికే ప్రత్యేకం కాదు. 192.168తో మొదలయ్యే అంకెల్ని ఇళ్లలోపలి వాడకానికని 1996లో నియమంగా రాసిపెట్టారు. పిన్నిగారింట్లో రౌటరుంటే దానికీ ఇదే ఉండొచ్చు. మీరు లెక్కల మాస్టారు కదా, ఒకే అంకె కోట్ల ఇళ్లకి ఎలా కుదురుతుందని రాత్రంతా ఆలోచించకండి. గోడ దాటి బయటికి వెళ్లదు, అందుకే కుదురుతుంది. 'నాట్ సెక్యూర్' అని బ్రౌజరు బెదిరిస్తుంది. ఇంటి లోపలి పేజీ కదా, భయపడి మూసెయ్యకండి.

యూజర్ నేమూ పాస్‌వర్డూ అడుగుతుంది. ఇక్కడే అందరూ తికమకపడేది. ఇది వైఫై పాస్‌వర్డు కాదు. వైఫైది వీధి తలుపు తాళం, ఇది బీరువా తాళం. చాలా పాత రౌటర్లలో ఇది రెండు గడుల్లోనూ 'అడ్మిన్' అనే ఉంటుంది, అంటే బీరువాకి తాళం చెవి వేలాడదీసి అమ్మారన్నమాట. అలా అన్నింటికీ ఒకే పాస్‌వర్డు పెట్టి అమ్మడాన్ని బ్రిటన్‌లో 2024 ఏప్రిల్ 29 నుంచి చట్టమే నిషేధించింది. మనం చట్టం కోసం ఆగక్కర్లేదు. లోపలికి వెళ్లాక 'అడ్మినిస్ట్రేషన్' అనో 'మేనేజ్‌మెంట్' అనో ఉన్నచోట దీన్ని ముందు మార్చండి.

తరువాత 'వైర్‌లెస్' అనో 'డబ్ల్యూలాన్' అనో ఉన్నది నొక్కండి. రెండు కనిపిస్తాయి: 2.4 గిగాహెర్ట్జ్, 5 గిగాహెర్ట్జ్. మొదటిది నెమ్మది, కానీ గోడలు దాటి పెరటి దాకా వెళ్తుంది. రెండోది చురుకు, రెండు గోడలకే అలిసిపోతుంది. రెండింటికీ పాస్‌వర్డు మార్చాలి. ఒకటే మార్చి ఊరుకుంటే వీధి అంతా రెండోదానిలోకి మారుతుంది. సెక్యూరిటీ దగ్గర 'డబ్ల్యూపీఏ2' గానీ, ఉంటే 'డబ్ల్యూపీఏ3' గానీ పెట్టండి. పాస్‌వర్డు ఎనిమిది అక్షరాలకి తగ్గకూడదు, అరవైమూడు దాటకూడదు. శ్రీరామ వద్దు, అది మన వీధిలో అందరికీ మొదట తోచేదే. నా పుట్టినరోజు వద్దు, పిన్నిగారికి నక్షత్రంతో సహా తెలుసు. సంబంధం లేని నాలుగు మాటలు కలిపి పెట్టండి, డైరీలో రాసుకోండి. 'ఛానల్' అని ఉన్నదాన్ని ముట్టుకోవద్దు, 'ఆటో' మీదే ఉండనివ్వండి.

సేవ్ నొక్కాక అన్నీ ఊడతాయి: మీ ఫోను, అమ్మ ఫోను, టీవీ. కంగారు వద్దు. ఒక్కోదానిలో కొత్త పాస్‌వర్డు కొట్టుకుంటూ రండి. కాసేపు ఆలస్యమైనా రౌటరుని తట్టొద్దు. ఇక్కడ మా రౌటరు 5 గిగాహెర్ట్జ్‌లో కొన్ని ఛానళ్లు తెరిచే ముందు, అదే తరంగం మీద వాతావరణ శాఖ రాడారేదైనా పనిచేస్తోందేమోనని పది నిమిషాలు మౌనంగా విని, లేదని తేలాకే నోరు విప్పుతుంది. వానకి అడ్డు రాకూడదని ఐరోపా నియమం. దాని ఓపికలో మీకు సగమున్నా ఈ పని సాఫీగా అయిపోతుంది.

ఒక్కటి మాత్రం చెయ్యొద్దు. రౌటరు వెనక చిన్న కన్నం ఉంటుంది, పక్కన 'రీసెట్' అని రాసుంటుంది. అమ్మ గాజులకి ఉండే పిన్నీసు అందులో సరిగ్గా పడుతుంది, అదే ప్రమాదం. పదిసెకన్లు నొక్కిపట్టారంటే కేబుల్ అబ్బాయి లోపల రాసిపెట్టిన కనెక్షన్ వివరాలన్నీ పోతాయి. అతను మళ్లీ వచ్చేదాకా వీధి వీధంతా మన గుమ్మంలో పరామర్శకి కూర్చుంటుంది.

ఇంతవరకు తేలిక. అసలు కష్టం మర్నాడు పొద్దున్న మొదలవుతుంది. "మాస్టారూ, నెట్టు రావట్లేదండీ" అని ఒక్కొక్కరే వస్తారు. మీరు కాదనలేరు. అమ్మ అసలే కాదనలేదు, కొత్త పాస్‌వర్డుతో పాటు కాఫీ కూడా ఇస్తుంది. పిన్నిగారి మనవరాలు ఆన్‌లైన్లో పరీక్ష రాసేది మన వైఫైలోనే కదా, దాన్ని ఎలా పొమ్మంటాం? జర్మనీలో పక్కింటివాళ్లకి పాస్‌వర్డు ఇవ్వకపోవడం పద్ధతి. తణుకులో ఇవ్వకపోవడం తగువు. పద్ధతుల్ని మార్చే బటను ఏ రౌటరులోనూ లేదు.

కానీ రెండో తలుపు ఉంది. అదే పేజీలో 'గెస్ట్ నెట్‌వర్క్' అని వెతకండి. కొన్నింటిలో అలా ఉండదు, 'ఎస్ఎస్ఐడీ2' అని రెండో గడి ఉంటుంది. దాన్ని ఆన్ చేసి వేరే పేరు, వేరే పాస్‌వర్డు పెట్టండి. పక్కన 'ఐసొలేషన్' అని ఉంటే టిక్కు పెట్టండి. అప్పుడు వచ్చినవాళ్లకి ఇంటర్నెట్ అందుతుంది గానీ మన టీవీ, మన ఫోన్లు వాళ్లకి కనిపించవు. వేగానికి హద్దు పెట్టే వీలు, ఫలానా గంటలకే తెరిచే వీలు కొన్ని రౌటర్లలో ఉంటాయి. ఉంటే మీ రాత్రి వార్తల వేళకి వీధి వాటాని కాస్త బిగించండి, పరీక్షల రోజుల్లో వదులు చెయ్యండి. ఈ పాస్‌వర్డు ఎవరడిగినా ఇచ్చెయ్యండి, మొహమాటమే అక్కర్లేదు. మనదే మనకి మిగిలింది, వాళ్లది వాళ్లకి అందింది. కావాలంటే దీన్నే టులెట్ బోర్డు మీద రాయించండి. మేడ మీద వాటా కోసం ఎవరైనా వస్తే అదీ ఒక సదుపాయంగా చెప్పుకోవచ్చు.

ఇంటి పాస్‌వర్డు మాత్రం నాకు విడిగా పంపండి, మన కుటుంబం వాట్సాప్ గ్రూపులో పెట్టకండి. అందులో బాబాయిగారి వియ్యంకుల వైపువాళ్లు కూడా ఉన్నారు, మొన్న సంక్రాంతికి ఎవరో పిన్నిగారిని సైతం చేర్చారు.

మీ అల్లుడు నమస్కారాలు చెప్పమన్నారు. ఆరోగ్యం జాగ్రత్త.

ఇట్లు,
మీ అమ్మాయి

తా.క. అమ్మకి: ఉత్తరం వచ్చిందని తెలియగానే పిన్నిగారు వచ్చి చదివి వినిపించమంటారు. గోంగూర దాకా చదువు, అక్కడ ఆపి కాఫీ పెట్టడానికి లే.