వదులు లాగు వలదు: సటీక తాత్పర్యము

అవతారిక

ప్యారిస్ నగరంలో మునిసిపాలిటీ వారి ఈతకొలనులు ఇంచుమించు నలభై ఉన్నాయి. గుమ్మం దాటగానే, టిక్కెట్టు కిటికీకి దగ్గర్లో గోడ మీద ఒక ఫలకం కనిపిస్తుంది. మోకాళ్ళ దాకా దిగిన నిక్కరు బొమ్మ మీద ఎర్రటి అడ్డగీత ఉంటుంది. పక్కనే చిన్న చెడ్డీ బొమ్మ, దానికి అనుమతి. కింద సబ్బుస్నానం, టోపీ నియమాలు. వేసవిలో పిల్లల దగ్గరికి వెళ్ళిన తెలుగువాళ్ళు దీన్ని చూసి, బొమ్మలు తారుమారయ్యాయి కాబోలని సర్దుకుని ముందుకు నడుస్తారు. కొలను కాపలాదారు మర్యాదగా వెనక్కి పంపుతాడు.

ఈ గొడవకంతా కారణం ఫలకానికి వ్యాఖ్య లేకపోవడమే. విధి చెప్పి హేతువు చెప్పని గ్రంథానికి టీకాకారుడే గతి. అందుచేత మూలాన్ని ఆటవెలదిలోకి దించి, లోకోపకారార్థం వ్యాఖ్యానిస్తున్నాం. దించడంలో ఫ్రెంచివారి "దయచేసి"లు రెండు జారిపోయాయి. యతికి ఒదగలేదు.

మూలము

వదులు లాగు వలదు, వంటికి నంటిన
చిన్న చెడ్డి చాలు, శిరసు మీద
టోపి పెట్టి, పిదప లోపలి గదిలోన
సబ్బు రుద్ది కడిగి చనుము నీట.

ప్రతిపదార్థము

వదులు = గాలి చొరబడునట్టి; లాగు = తొడలను, వీలైనచో మోకాళ్ళను కప్పు పొట్టి పంట్లాము, అనగా బెర్ముడా, బోర్డు షార్ట్స్, ప్రయాణానికని కొన్న పువ్వుల నిక్కరు మున్నగునవి; వలదు = కూడదు; వంటికిన్ = దేహమునకు; అంటిన = అతుక్కున్నట్టి, ఏ రహస్యమును దాచనట్టి; చిన్న చెడ్డి = ఈతచెడ్డీ; చాలు = సరిపోవును, ఇంతకు మించినచో రానీయరని ధ్వని; శిరసు మీద = తలపై, అందు వెండ్రుకలున్నను లేకున్నను; టోపి పెట్టి = ఈతటోపీ ధరించి; పిదప = అటు తరువాత; లోపలి గదిలోన = జల్లుస్నానపు గదియందు; సబ్బు రుద్ది = బద్ధకింపక తోముకొని; కడిగి = నురుగు పోవునట్లు చేసి; నీట = కొలనియందు; చనుము = దిగుము.

తాత్పర్యము

ఓ యాత్రికుడా, నువ్వు పరువనుకుని తొడుక్కొచ్చినది ఇక్కడ మురికి కింద జమ. నువ్వు సిగ్గుమాలినదనుకునేది ఇక్కడ శుభ్రత కింద జమ. విప్పు, తొడుగు, రుద్దు, అప్పుడు రా.

"వదులు లాగు"

పద్యంలోని బరువంతా ఈ రెండు మాటల మీదే ఉంది. లాగు చేసిన నేరమేమిటి? ఫ్రెంచివారు చెప్పే హేతువిది: వదులు నిక్కరు వీధిలోనూ తొడుక్కోవచ్చు. పొద్దున మెట్రోలో కూర్చున్న నిక్కరే, మధ్యాహ్నం పార్కు గడ్డి మీద దొర్లిన నిక్కరే, సాయంత్రం కొలనులోకి దిగే ప్రమాదముంది. దాని జేబుల్లో ఇసుక, చిల్లర, నానిపోయిన టిక్కెట్టు ముక్క ఉండవచ్చు. ఈతచెడ్డీతో ఆ భయం లేదు. అది కట్టుకుని ఎవరూ మెట్రో ఎక్కరు. వీధిలో తిరగడానికి పనికిరాదు కాబట్టే అది నీళ్ళకు పనికొస్తుంది.

ఇది మామూలు తర్కం కాదని గమనించాలి. మనిషి సిగ్గునే శుభ్రతకు హామీగా తీసుకునే తర్కమిది. బట్ట ఉతికావా అని అడగరు, అడిగినా నిజం చెబుతామన్న నమ్మకం వాళ్ళకు లేదు. ఇది కట్టుకుని బజారుకు వెళ్ళగలవా అన్నదే వాళ్ళ పరీక్ష. వెళ్ళలేను అన్నవాడు లోపలికి రావచ్చు. ఇదే తర్కాన్ని అవతలి వైపు నుంచి పట్టుకున్నది బార్సిలోనా. 2011లో ఆ నగరం ఈతదుస్తులతో వీధుల్లో తిరిగేవారికి జరిమానా పెట్టింది. ప్యారిస్ వీధిబట్టను నీళ్ళలోకి రానివ్వదు, బార్సిలోనా నీళ్ళబట్టను వీధిలోకి రానివ్వదు. ఇద్దరూ కాపలా కాస్తున్నది ఒకే గుమ్మాన్ని.

లక్ష్యము: తెనాలి నుంచి వెళ్ళిన ఒక మామగారు. రిటైరైన లెక్కల మాస్టారు. ఇంట్లో లుంగీ, బయట ప్యాంటు తప్ప మూడో వస్త్రం ఎరుగని మనిషి. మనవడి పోరు పడలేక మోకాళ్ళు కనబడే నిక్కరు కొనుక్కుని, అదే తన జీవితంలో పెద్ద తెగింపు అనుకుని కొలనుకు బయల్దేరారు. గుమ్మంలో ఆపేశారు.

"మామయ్యగారూ, ఇది కుదరదట. అదిగో, ఆ మెషిన్లో ఒకటి తీసుకుందాం," అన్నాడు అల్లుడు.

నిజంగానే అక్కడొక యంత్రముంది. రైల్వేస్టేషన్లో చిప్స్ ప్యాకెట్లు రాల్చే యంత్రం వంటిదే. గాజు వెనక తీగచుట్టల మధ్య టోపీలు, కళ్ళద్దాలు, చెడ్డీలు వరసగా నిలబడి ఉన్నాయి. అల్లుడు కార్డు ఆనించాడు. చుట్ట తిరిగింది. నల్లటి పొట్లం ఒకటి ధబ్బున కింద పడింది. మామగారు దాన్ని విప్పి, రెండు వేళ్ళతో వెలుతురుకు ఎత్తి చూశారు.

"ఇది మనవడి సైజేమో చూడండి బాబూ."

"మీ సైజేనండీ. సాగుతుంది."

"సాగితే సాగుతుంది గానీ, లోపల అమ్మాయి ఉంటుంది కదయ్యా!"

ఈ చివరి వాక్యానికి ఫ్రెంచి ఆరోగ్యశాఖ దగ్గర సమాధానం లేదు. మన దగ్గరా లేదు.

శంక: ఈయన తాతగారు కృష్ణ కాలవలో గోచీతోనే కదా ఈదింది? అది వంటికి అంటినదే, చిన్నదే. మూలలక్షణాలు రెండూ కుదిరాయి. మరి గోచీతో పోనిస్తారా? సమాధానం: పోనివ్వరు. గోచీ నూలుగుడ్డ. నూలు నీరు పీల్చి బరువెక్కుతుంది, పోగులు వదులుతుంది, ఆ పోగులు వడపోతలో చేరతాయి. మన హోటళ్ళ ఈతకొలనుల దగ్గర కూడా నైలాన్ కాస్ట్యూమే వేసుకోవాలని బోర్డు పెట్టేది ఇందుకే. ఆకారంలో తాతగారు నెగ్గారు, బట్టలో ఓడిపోయారు.

"వంటికి నంటిన"

ఈ విశేషణం ఒక దేశాన్ని కోర్టుకెక్కించింది. గ్రెనోబుల్ నగరసభ 2022 మే 16న కొలనుల నియమావళి మార్చింది. ఆ మార్పుతో ఒళ్ళంతా కప్పే బుర్కినీకి దారి దొరికింది. పైబట్ట లేకుండా ఈదే స్వేచ్ఛ కూడా ఆడవాళ్ళకు అదే తీర్మానంలో ఇచ్చారు. నిండా కప్పుకునేవాళ్ళనూ కప్పుకోనివాళ్ళనూ ఒకే వాక్యంలో ఈదించిన సాహసమది. ప్రభుత్వం అడ్డుపడింది. జూన్ 21న దేశ అత్యున్నత పరిపాలనా న్యాయస్థానం కోన్సెయ్ దెతా తీర్పు చెప్పింది: ఒక మతపరమైన కోరిక తీర్చడానికి, బట్ట వంటికి అంటి ఉండాలన్న అందరి నియమానికి ఇలా మినహాయింపు ఇస్తే, ప్రజాసేవ సరిగా నడవదు, సమానత్వం దెబ్బతింటుంది. బుర్కినీ అంశం ఆగిపోయింది. అదే న్యాయస్థానం 2016 ఆగస్టులో విల్నవ్ లూబే ఊరి సముద్రతీరంలో బుర్కినీ మీద పెట్టిన నిషేధాన్ని నిలిపివేసింది. సముద్రం అందరిదీ, దానికి వడపోత యంత్రం లేదు. కొలను మునిసిపాలిటీది, దానికి నియమావళి ఉంది.

ఇక్కడ టీకాకారుడు తన అభిప్రాయం దాచుకోడు. 2004లో ఆస్ట్రేలియాలో పుట్టిన ఈ బుర్కినీ కుట్టేది ఈతబట్టతోనే. దాన్ని వేసుకుని ఎవరూ కూరగాయలకు వెళ్ళరు. "వీధిలో తిరగలేనిదే నీటికి తగినది" అన్న మూలసూత్రాన్ని పట్టుకుంటే, పువ్వుల నిక్కరు కంటే బుర్కినీయే ఎక్కువ మార్కులతో పాసవుతుంది. శుభ్రత పేరుతో మొదలైన వాదం మధ్యలో బండి మారింది. ఆ మాట ఒప్పుకుని వాదిస్తే వినవచ్చు. క్లోరిన్‌ను సాక్షిగా పిలవడం మాత్రం అన్యాయం.

"చిన్న చెడ్డి చాలు"

చిన్నదనానికి కింది హద్దు ఎక్కడ? మూలం చెప్పదు. చరిత్ర చెబుతుంది. ప్యారిస్‌లోనే మొలిటోర్ అనే ఈతకొలను ఉంది, 1929లో తెరిచారు. 1946 జులై 5న లూయీ రెయార్ అనే ఇంజనీరు అక్కడ నాలుగు ముక్కోణపు గుడ్డపేలికలతో ఒక ఈతదుస్తు ప్రదర్శించాడు. మామూలు మోడళ్ళు వేసుకోవడానికి ఒప్పుకోకపోతే, ఒక నాట్యకత్తె ముందుకొచ్చింది. అంతకు నాలుగు రోజుల ముందే అమెరికా పసిఫిక్ సముద్రంలో బికినీ దీవుల దగ్గర అణుబాంబు పేల్చింది. ఆయన తన సృష్టికి ఆ పేరే పెట్టాడు. అగ్గిపెట్టెలో పట్టేంత బట్ట అని ప్రచారం. సిరిసిల్ల నేతగాడు అదే అగ్గిపెట్టెలో నిండు చీర పట్టించాడు. అగ్గిపెట్టె ఒకటే, దృక్పథాలు రెండు.

"టోపి పెట్టి, పిదప"

శంక: టోపీ పెట్టుకున్నాక సబ్బు రుద్దమంటున్నాడు. మరి తల రుద్దుకునేదెలా? ఇది క్రమభంగదోషం కాదా? సమాధానం: దోషమే. తల కడుక్కుని టోపీ పెట్టుకోవడమే లోకాచారం. ఫలకంలో క్రమం సరిగానే ఉంది. "టోపి"కి ప్రాసయతిగా "లోపలి" దొరికేసరికి వదులుకోలేకపోయాం. పాఠకులు చదివేటప్పుడు పద్యక్రమాన్ని, తడిసేటప్పుడు ఫలకక్రమాన్ని పాటించవలసింది.

మరో శంక: బట్టతలవాడికి టోపీ ఎందుకు? మూలంలో "శిరసు మీద" అన్నాడు గాని "జుట్టు మీద" అనలేదు కనుక తలకాయ ఉన్న ప్రతివాడికీ విధి వర్తిస్తుంది. మినహాయింపు ఇస్తే ఎంత బట్టతలను బట్టతల అనాలో కొలవడానికి మళ్ళీ ఒక ఉద్యోగి కావాలి. అదే నోటితో, నాభి దాకా పెరిగిన గడ్డానికి సంచీ కట్టుకోమని ఎందుకు అడగరంటే, ఆ విషయంలో మూలం మౌనం వహించింది.

"లోపలి గదిలోన సబ్బు రుద్ది"

పద్యానికి ప్రాణం ఇక్కడుంది. కొలను దగ్గర ముక్కుపుటాలకు తగిలే ఘాటును జనం క్లోరిన్ వాసన అంటారు, బాగా వేశారు కాబట్టి నీళ్ళు శుభ్రమని మురుస్తారు. ఆ వాసన చాలామటుకు క్లోరమిన్లది. క్లోరిన్ మన చెమటతో, ఇంకా పైకి చెప్పుకోని ద్రవంతో కలిస్తే పుట్టేవవి. కళ్ళు ఎర్రబడేదీ, గట్టు మీద రోజంతా కూర్చునే కాపలాదారుకు దగ్గొచ్చేదీ వాటివల్లే. దిగేముందు సబ్బు రుద్దుకుంటే క్లోరిన్‌కు క్రిములతో పోట్లాడే తీరిక దొరుకుతుంది. లేదంటే మన చెమటతోనే దాని పొద్దు గడిచిపోతుంది. ఫ్రెంచి నిబంధన ప్రకారం కొలనులో దిగిన ప్రతి మనిషికీ రోజుకు కనీసం 30 లీటర్ల కొత్త నీరు కలపాలి. అంటే నువ్వు దిగినందుకు ఎవరో రెండు బకెట్ల నీళ్ళు తోడి పోస్తున్నారన్న మాట. ఈ ఒక్క ముక్క ఫలకం మీద రాసి ఉంటే తెనాలి మాస్టారు లెక్క కట్టుకుని, నోరెత్తకుండా పొట్లం విప్పేవారు. రాయలేదు. చెడ్డీ బొమ్మ వేసి ఊరుకున్నారు.

పాఠాంతరము: ఐస్లాండ్ ప్రతిలో "సబ్బు రుద్ది" ముందు "బట్టలన్ని విడిచి" అని ఉంది. అక్కడ కొలనుల్లో క్లోరిన్ తక్కువ వేస్తారు, అందుకని కడుక్కోవడం మీద పట్టుదల ఎక్కువ. జల్లుగదిలో ఈతదుస్తులు కూడా విప్పి, తల, చంకలు, గజ్జలు, పాదాలు సబ్బుతో తోముకోవాలి. ఎక్కడెక్కడో మనిషి బొమ్మ మీద రంగువేసి చూపిస్తారు. చెడ్డీతోనే నీళ్ళ కింద నిలబడి తప్పించుకుందామనుకునే విదేశీయుణ్ణి గదిలో ఉండే ఉద్యోగి పిలిచి మరీ విప్పిస్తాడు.

మన భాగవతంలో గోపికలు బట్టల్లేకుండా యమునలో దిగినందుకు కృష్ణుడు తప్పుపట్టాడు, దేవతలకు అపచారమన్నాడు. ఐస్లాండ్ రాజధాని రేక్యవిక్‌లో బట్టతో జల్లు కింద నిలబడటమే నీటికి అపచారం. రెండుచోట్లా అపచారం నీటి దగ్గరే. గోదావరి పుష్కరాలకు చీరలతో, పంచెలతో నిండుగా మునిగే మనకు మొదటి పాఠం బాగా వంటబట్టింది. రెండోదానికి ఇంకా వేళ కావాలి.

"చనుము నీట"

ఇంతా అయ్యాక కూడా సరాసరి నీళ్ళలోకి చనడానికి వీల్లేదు. మధ్యలో పాదాల తొట్టి ఒకటి అడ్డంగా ఉంటుంది, మడమల దాకా చల్లటి మందునీళ్ళతో. అంగ వేసి దాటలేనంత వెడల్పుగా కడతారు. పిల్లలు అందులోనే ఆగిపోయి ఆటలాడతారు.

"చనుము" విధ్యర్థకం కనుక ఎప్పుడంటే అప్పుడు వెళ్ళవచ్చని భ్రమ పడరాదు. బడి రోజుల్లో చాలా కొలనులు పగటిపూట విద్యార్థులవి. ఊరిజనానికి పొద్దున్నే కాసేపు, భోజనాల వేళ కాసేపు. సెలవుల్లో గంటలు పెరుగుతాయని నమ్మి, చెడ్డీ కొని, టోపీ కొని, సిగ్గు విడిచి మామా అల్లుళ్ళు రెండోసారి వెళ్ళేసరికి తలుపుకు ఇంకో కాగితం అంటించి ఉండవచ్చు. కొలనును ఏడాదికి ఒక్కసారైనా పూర్తిగా ఖాళీ చేసి తోమాలన్నది కూడా వాళ్ళ నియమమే. నీళ్ళు తీసేశారు, మళ్ళీ నింపేదాకా మూసివేత అని ఆ కాగితం సారాంశం. దాని మీద బొమ్మలు లేవు, టీక అక్కరలేదు.