పేర్లు చెప్పి పాడేవాళ్ళం

చప్పుడంటే నాకు భయం లేదు. ముప్ఫై ఏళ్ళు మైకు సెట్టు నడిపినవాణ్ణి. తాడేపల్లి, సీతానగరం, ఉండవల్లి, పెనుమాక, అటు మంగళగిరి దాకా ఏ పెళ్ళి పందిరి దగ్గరైనా, ఏ తిరనాళ్ళలోనైనా మా బాబాయి కొన్న ఆహూజా యాంప్లిఫయరు, రెండు హార్ను బూరలు ఉండాల్సిందే. తాడిచెట్టెక్కి బూర కట్టి, మూతి ఊరివైపు తిప్పి, కిందికి దిగి రికార్డు మీద ముల్లు ఆనిస్తే ఊరు ఊరంతా లేచి కూర్చునేది. అట్టాంటి నాతో మా మనవడు, "తాతయ్యా, ఇది నువ్వు వినలేవు, గోల ఎక్కువ" అంటే ఒళ్ళు మండింది. గోల సంగతి నాకా చెప్పేది?

పెట్టమన్నాను. మేడ మీద నీళ్ళ ట్యాంకు పక్కన కూర్చుని మొత్తం విన్నాను. ఒకసారి కాదు, రెండుసార్లు.

అది 'నేటివిటీ ఇన్ బ్లాక్' అనే ఇంగ్లీషు ఆల్బం. ఇంగ్లండులో బర్మింగ్‌హామ్ కుర్రాళ్ళు నలుగురు పెట్టిన బ్యాండు బ్లాక్ సబాత్. హెవీ మెటల్ అనే బాణీకి మూలపురుషులు వాళ్ళేనంటారు. వాళ్ళ పాటల్ని 1994లో వేరే బ్యాండ్ల వాళ్ళు తలా ఒకటి తీసుకుని పాడి, పెద్దలకు నమస్కారంగా తెచ్చిన ఆల్బం అది. కవర్ పాటలంటారట వాటిని. మెగాడెత్ అనే బ్యాండువాళ్ళు 'పారనాయిడ్' పాటను దాదాపు ఉన్నదున్నట్టు వాయించి వదిలేశారు. అంతమాత్రానికి పాత రికార్డే ఉందిగా, మళ్ళీ ఎందుకు? సెపుల్టురా అని బ్రెజిల్ వాళ్ళు, వాళ్ళది నాకు నచ్చింది. పాట వాళ్ళది కాదు గానీ నడక మాత్రం వాళ్ళదే. తీసుకున్నవాడు తన కండ కొంత కలిపాడని చెవికి తెలుస్తోంది. టైప్ ఓ నెగటివ్ అనేవాళ్ళు అసలే నెమ్మదైన పాటను ఇంకా నెమ్మది చేశారు. దానివల్ల ప్రతి మాటా విడిగా వినపడింది. మా మనవడికి అది నీరసంగా ఉందట. నాకు ఆల్బం మొత్తంలో అదే బాగుంది.

ఇంకోటి కూడా చెప్పాలి. ఆ బ్లాక్ సబాత్ నలుగురిలో ఇద్దరు, బాసు గిటారు గీజర్ బట్లర్, డ్రమ్ముల బిల్ వార్డ్, ఈ ఆల్బంలో తామూ కూర్చుని ఒక పాట వాయించారు. అంటే ఇది చచ్చిపోయినవాళ్ళకు వేసిన దండ కాదు. పెద్దవాళ్ళు ఉండగానే పిలిచి పీట వేశారు. ఆ పద్ధతి నాకు కడుపు నిండినట్టనిపించింది.

వాళ్ళ గిటారు మనిషి టోనీ అయోమీ కథ మావాడు చెబుతుంటే నా చేతిలో టీ చల్లారిపోయింది. పదిహేడేళ్ళ వయసులో రేకుల ఫ్యాక్టరీలో పని. ఆఖరి రోజున మిషను కింద పడి కుడిచేతి రెండు వేళ్ళ చివళ్ళు తెగిపోయాయి. ఆయనది ఎడమచేతి వాటం, తీగెలు నొక్కేది ఆ వేళ్ళతోనే. ఇక నీ పని అయిపోయిందన్నారంతా. ఫ్యాక్టరీ మేస్త్రీ మాత్రం ఒక రికార్డు తెచ్చి వినిపించాడట: జాంగో రైన్‌హార్ట్ అని, కాలిన చేతిలో రెండు వేళ్ళు పనిచేయకపోయినా గిటారులో మొనగాడు. అది విని ఈ కుర్రాడు ప్లాస్టిక్ సీసా కరగబెట్టి, వేళ్ళకు తొడుగులు చేసుకుని, పైన తోలు అంటించుకున్నాడు. నొప్పి తెలియకుండా తీగెలు వదులు చేశాడు. వదులు తీగె మోత బరువుగా ఉంటుంది. ఆ బరువే ఒక బాణీ అయింది. గుంటూరు జిన్నింగు మిల్లుల్లో పత్తి మిషన్లకు వేళ్ళిచ్చినవాళ్ళని నేనెరుగుదును. వాళ్ళలో ఒకాయన మిగిలిన వేళ్ళతోనే మా భజనలో హార్మోనియం వాయించేవాడు. కాబట్టి ఈ సంగీతాన్ని ఎవరన్నా గోల అంటే ఇప్పుడు నేను ఊరుకోను.

నా బాధ వేరే. పాట అయిపోగానే "రాసిందెవర్రా?" అని అడిగాను. ఫోను తెర మీద బ్యాండు పేరుంది, పాట పేరుంది, అంతే. మావాడు నాలుగుచోట్ల నొక్కి, ఐదు నిమిషాలు వెతికి, ఎక్కువ భాగం మాటలు గీజర్ బట్లర్‌వని చెప్పాడు. యుద్ధాలు చేయించే పెద్దల్ని, చచ్చే పేదవాళ్ళని గురించి 'వార్ పిగ్స్' లాంటి పాట రాసిన మనిషి పేరు కోసం ఐదు నిమిషాలు వెతకాలా?

మా రోజుల్లో అట్టా కాదు. విజయవాడ రేడియో కేంద్రం 1948 డిసెంబరు 1న మొదలైంది. నాకు ఊహ తెలిసేసరికి మా వీధిలో రెండు రేడియోలున్నాయి. పాట వేసేముందు చిత్రం ఫలానా, రచన ఫలానా, సంగీతం ఫలానా, పాడినవారు ఫలానా అని నెమ్మదిగా, స్పష్టంగా చెప్పేవాళ్ళు. అక్షరం ముక్క రాని మా నాయనమ్మకు కూడా పింగళి, సముద్రాల, పెండ్యాల, సాలూరు అనే పేర్లు ఇంట్లోవాళ్ళ పేర్లలాగా నోటికొచ్చేవి. మా బాబాయి ఆ పద్ధతే మైకు సెట్టుకీ పెట్టాడు. రికార్డు మధ్యలో గుండ్రటి కాగితం మీద పేర్లు చూసుకోవాలి, లేకపోతే హాల్లో అమ్మే పాటల పుస్తకం తిరగేయాలి, మైకులో చెప్పాలి, తర్వాతే ముల్లు ఆనించాలి. ఒకసారి ఉండవల్లి పెళ్ళిలో తొందరపడి పేర్లు చెప్పకుండా పాట వేస్తే, రికార్డు మధ్యలో ఆపించి, పందిట్లో అందరి ముందూ నాచేత చెప్పించాడు. నాకప్పుడు పదిహేనేళ్ళు. ఇప్పటికీ ఏ పాట విన్నా రాసినవాడి పేరు తెలియకపోతే తిన్నది అరగదు.

కవర్ పాటంటే కొత్త వింతేమీ కాదు. మన గుంటూరు జిల్లా కొమ్మూరులో 1912లో పుట్టిన జంధ్యాల పాపయ్యశాస్త్రి గారు, కరుణశ్రీ, గుంటూరు ఏసీ కాలేజీలో పాఠాలు చెప్పినాయన, పువ్వుల గోడు మీద పద్యాలు రాశారు. 'పుష్పవిలాపం' అది. ఆ పద్యాలు కాగితం మీద ఉన్నంతకాలం చదువుకున్నవాళ్ళవి. ఘంటసాల వాటిని తీసుకుని రికార్డిచ్చాక పొలంలో మిరపకాయలు కోసే ఆడవాళ్ళవి కూడా అయినాయి. పరాయివాడి పద్యాన్ని తీసుకోవటమంటే అదీ. అంతకుముందు నాటకాల్లో పద్యమంటే రాగం కిలోమీటరు సాగేది, జనం వన్స్‌మోర్ అనేవాళ్ళు, అదొక వైభవం, కాదనను. ఘంటసాల ఆ సాగతీత తగ్గించి అర్థం తెగేచోట ఆగాడు. అందుకే ప్రతి అక్షరం చెవిలో పడింది. కృష్ణా జిల్లా చౌటపల్లిలో పుట్టి, విజయనగరం వెళ్ళి, మధూకరం ఎత్తుకుని తింటూ పట్రాయని సీతారామశాస్త్రి గారి దగ్గర నేర్చుకున్న గొంతు అది. ఊరికే రాలేదు.

సరిగ్గా ఆ పుష్పవిలాపాన్నే మా మనవడూ, వాడి కాలేజీ స్నేహితులు ముగ్గురూ హెవీ మెటల్‌లో చేస్తున్నారు. కాలేజీ పండగలో ఘంటసాలకు నివాళిగా వాయిస్తారట. ఫోనులో రికార్డు చేసి తెచ్చి ఎంతో ఇష్టంగా వినిపించారు. గిటారు బాగుంది, నిజంగా బాగుంది. ఆ రాగంలో దిగులు పట్టుకున్నాడు వాడు. కానీ పద్యం ఏదీ? ఉత్పలమాల పాదానికి ఇరవై అక్షరాలు. వీళ్ళ పాటలో నాకు ఎనిమిది వినపడ్డాయి. పద్యానికి తాళం ఉండదు, రాగం ఉంటుంది, ఊపిరి ఉంటుంది. వీళ్ళు రెండు కాళ్ళతో తొక్కే డ్రమ్ముకు పద్యాన్ని కట్టేశారు. దెబ్బ ఎక్కడ పడితే అక్కడ మాట విరిగింది. సమాసం నడుమ ఊపిరి పీల్చాడు పాడే కుర్రాడు! పైగా ఆ నలుగురిలో ఒకడిది పెదనందిపాడు వైపు పల్లె. కొమ్మూరు వాడికి పక్క ఊరు. "కరుణశ్రీ ఎవరో తెలుసా అబ్బాయ్?" అంటే, "ఘంటసాల గారు రాసుకుందే కదండీ" అన్నాడు. ఆ పిల్లవాణ్ణి ఏమనగలను? వాడికి ఎవరూ చెప్పలేదు. వాడు విన్న ఏ పాట ముందూ ఎవరూ పేరు చెప్పలేదు.

"పువ్వు బాధపడుతుంటే ఆ అరుపేందిరా?" అని మా మనవణ్ణి గట్టిగానే అడిగాను.

"ప్రాణం పోయేటప్పుడు ఎవరైనా అరుస్తారు తాతయ్యా" అన్నాడు.

ఆ మాటకు నా దగ్గర జవాబు లేకపోయింది. రాత్రి చాలాసేపు నిద్రపట్టలేదు. వాడన్నదాంట్లో తప్పేముంది? అరుపు ఒప్పుకున్నాను. మాట మింగటం మాత్రం ఒప్పుకోను.

మర్నాడు ఇంకో వాదన తెచ్చారు: "కవరంటే మా ఇష్టం, మా స్వేచ్ఛ." స్వేచ్ఛ ఎట్టా వస్తుందో కూర్చోబెట్టి చెప్పాను. ఒంగోలు దగ్గర కరవది ఉంది. అక్కడ 1924లో పుట్టిన షేక్ చిన మౌలానా గారు నాదస్వర విద్వాంసుడు. మన పల్నాడు, చిలకలూరిపేట, ఒంగోలు వైపు ముస్లిం కుటుంబాలు తరతరాలుగా గుళ్ళలో నాదస్వరం వాయించాయి. చిన మౌలానా గారికి తంజావూరు బాణీ మీద మనసుపడింది. రికార్డు విని అనుకరిస్తే సరిపోతుందనుకోలేదు. నాచియార్‌కోయిల్ వెళ్ళి అక్కడి విద్వాంసుల దగ్గర కూర్చుని నేర్చుకున్నారు. చివరికి శ్రీరంగంలోనే స్థిరపడ్డారు. 1977లో పద్మశ్రీ వచ్చింది. త్యాగయ్య కీర్తనకు నాదస్వరంలో మాట ఉండదు కదా, అయినా ఆయన వాయిస్తుంటే సాహిత్యం తెలిసినవాడికి పెదాలు వాటంతట అవే కదిలేవి. మాట లేని వాద్యంలో మాట వినిపించారాయన. మాటున్న పాటలో మాట వినపడకుండా చేస్తే దాన్ని స్వేచ్ఛ అని నేననను. డోలు, నాదస్వరం కన్నా గట్టి చప్పుడు మీ గిటారుకేమీ లేదు, పెళ్ళి పందిట్లో డోలు పక్కన కూర్చుని చూడండి, గుండెలు అదురుతాయి. చప్పుడు అడ్డం కానేకాదు.

సినిమావాళ్ళను కూడా అనాలి. 1991 నాటి గ్యాంగ్ లీడర్ వాన పాట 2012లో రచ్చలోకి వచ్చింది. కొండవీటి దొంగ శుభలేఖ పాట 2013లో నాయక్‌లోకి వచ్చింది. పిల్లలు వాటిని కొత్త పాటలే అనుకుని పెరిగారు. ఎవరి చెమటో ఎవరి ఖాతాలోకో పోయింది. ఈ కాలంలోనూ పాత పద్ధతి పట్టుకున్న మనిషి ఒక్కడే నాకు కనిపించాడు, ఎస్పీ బాలసుబ్రహ్మణ్యం. 1996లో 'పాడుతా తీయగా' మొదలుపెట్టిన దగ్గర్నుంచీ చిన్నపిల్లలు పాడినా రాసిందెవరు, కట్టిందెవరు అని చెప్పించి, ఒత్తులు దిద్ది, ఆ పాట వెనక కథ చెప్పి గానీ వదిలేవాడు కాదు. 2020 సెప్టెంబరులో ఆయన పోయినప్పుడు గాయకుడు పోయాడని ఊరంతా ఏడ్చింది. నేను మాత్రం పేర్లు చెప్పే చివరి మనిషి పోయాడని ఏడ్చాను.

2025 జులై 5న బర్మింగ్‌హామ్‌లో బ్లాక్ సబాత్ ఆఖరి కచేరీ జరిగింది. ఆ ముక్కలు మావాడు ఫోనులో చూపించాడు. పెద్దపెద్ద బ్యాండ్లన్నీ వచ్చి, తమ పాటలతోపాటు సబాత్ పాట కూడా పాడి దిగాయి. చివర్లో ఆ మొదటి నలుగురూ వేదికెక్కారు. జబ్బుతో నిలబడలేని గాయకుడు ఆజీ ఆస్బోర్న్ సింహాసనంలాంటి కుర్చీలో కూర్చుని పాడాడు. పుట్టిన ఊళ్ళో, తన ఎదుటే తన పాట తన తర్వాతివాళ్ళ నోట విని, 17 రోజులకు కన్నుమూశాడు. చూస్తుంటే నాకు ఘంటసాల గుర్తొచ్చాడు. 1974 ఫిబ్రవరి 11న ఆయన పోయాడు. ఆయన పాడిన భగవద్గీత రికార్డు ఆయన పోయాకే బయటికొచ్చింది. చావు జరిగిన ప్రతి ఇంటి ముందూ నా చేత్తో ఎన్ని వందలసార్లు ఆ రికార్డు పెట్టానో! తన గొంతు ప్రతి చావింటికీ తోడుగా వెళ్తుందని ఆ మనిషికి తెలియలేదు. ఆయన బతికుండగా ఎదుట కూర్చోబెట్టి ఆయన పాటలు ఆయనకు వినిపించాలని నాలాంటి మైకు సెట్టువాడికి కూడా తోచలేదే అని ఇప్పుడు బాధ.

పోయిన ఆదివారం నలుగురూ మళ్ళీ వచ్చారు. అటక మీది పెట్టె దించి పాత రికార్డు తీశాను. ముల్లు అరిగింది, మధ్యలో గీత ఉంది, అయినా పలికింది. పాడే కుర్రాణ్ణి పక్కన కూర్చోబెట్టుకుని, ఘంటసాల ఊపిరి తీసిన ప్రతిచోటా కాగితం మీద పెన్సిలు గీత పెట్టించాను. డ్రమ్ములవాణ్ణి పద్యం సాగినంతసేపూ కాళ్ళు కదపొద్దన్నాను, పాదం అయ్యాక ఎంత కావాలంటే అంత తొక్కుకోమన్నాను. గంటన్నర పట్టింది. పెదనందిపాడు పిల్లవాడు వాళ్ళ అమ్మమ్మకు ఫోను చేస్తే, ఆవిడ ఫోనులోనే మొదటి పద్యం తప్పు లేకుండా చదివేసింది. వాడు నోరు తెరుచుకుని విన్నాడు.

మళ్ళీ రికార్డు చేశారు. మొదట పేర్లు చెప్పారు, రచన కరుణశ్రీ, గానం ఘంటసాల అని, ఆ తర్వాతే గిటారు. రెండు పాదాలు చక్కగా వచ్చాయి. మూడో పాదంలో మళ్ళీ ఒక దీర్ఘం మింగేశాడు. వచ్చే ఆదివారం రమ్మన్నాను.