బారసాల కాదు, బాహాబాహీ

ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం అని తరతరాలుగా ఎవరినో వెక్కిరిస్తున్నాం గానీ, ఆ మహానుభావుడి ముందుచూపు ఇప్పుడు అర్థమవుతోంది. ఆలు వచ్చాక కొడుక్కి తనకు నచ్చిన పేరు పెట్టుకోవడం తన తరం కాదని ఆయనకి తెలుసు. అందుకే అడ్డు చెప్పే మనిషి ఇంట్లో అడుగుపెట్టకముందే ఆ ముచ్చట కానిచ్చేసుకున్నాడు. ఈ కాలపు మొగుళ్ళకి ఆ తెలివేదీ? ఆలు ఉంది, చూలు అయింది, బిడ్డ బోర్లా పడి పాకడం కూడా మొదలుపెట్టింది, పేరు మాత్రం లేదు. ఆస్పత్రివాళ్ళు చేతికి కట్టిన పట్టీ మీద 'బేబీ ఆఫ్ ఫలానా' అని రాశారు చూడండి, ప్రస్తుతానికి అదే దిక్కు.

రచనలు చేసేవాణ్ణి కదా అని నాకు వాట్సాప్‌లో పేర్ల కోసం అర్జీలు వస్తుంటాయి. 'హ' గానీ 'డ' గానీ మొదటి అక్షరం కావాలి. రెండు, మహా అయితే మూడక్షరాలు. దేవుడి పేరై ఉండాలి గానీ వింటే దేవుడి పేరులా ఉండకూడదు. ట్రెండీగా ఉండాలి, సంస్కృతంలో ఉండాలి. అమెరికాలో టీచరు నోరు తిరగాలి, నరసరావుపేటలో నాయనమ్మ నోరూ తిరగాలి. అన్నిటికంటే ముఖ్యం, ఇంకెవరికీ ఉండకూడదు. ప్రాజెక్టు టెండర్లలో కూడా ఇన్ని షరతులు చూడలేదు నేను. ఆలోచించి ఆలోచించి 'హనుమంతు' అని పంపిస్తాను. నీలం టిక్కులు పడతాయి. జవాబు రాదు.

షరతులన్నీ ఇద్దరూ కలిసి పెట్టినవే అనుకునేరు. కాదు. సగం ఆయనవి, సగం ఆమెవి. ఆయన షరతులు తీరే పేరు ఆమెకి పడదు, ఆమె పేరు వింటే ఆయనకి కాలేజీలో తన సీటు కొట్టేసినవాడెవడో గుర్తొస్తాడు. మధ్యలో రెండు వైపుల పెద్దలు, వాళ్ళ వెనక రెండు వైపుల సిద్ధాంతులు. ఇంతా చేసి అందరిదీ ఒకటే మాట: 'మాదేం ఉందండీ, బిడ్డ భవిష్యత్తు కోసమే కదా.'

ముందు నక్షత్రం సంగతి చూద్దాం. 27 నక్షత్రాలు, ఒక్కోదానికి నాలుగు పాదాలు, పాదానికో అక్షరం చొప్పున 108. అశ్వినికి చూ, చే, చో, లా. భరణికి లీ, లూ, లే, లో. ఇంతవరకూ ఎలాగో లాక్కురావచ్చు. ఆర్ద్రకి కూ, ఘ, ఙ, ఛ. అంటే మీ పిల్లాడు ఆర్ద్ర మూడో పాదంలో పుట్టాడంటే పేరు 'ఙ'తో మొదలవ్వాలి. పెద్దబాలశిక్షలో తప్ప ఎవరూ ఎదురుపడి చూడని ఆ అక్షరంతో ఏ పేరు పెడతారో పెట్టండి. హస్తలో పుడితే పూ, ష, ణ, ఠ. మొదటి పాదం దాటితే ఆ దంపతుల అవస్థ పగవాడికి కూడా వద్దు. ఇలాంటి చోట సిద్ధాంతిగారు చల్లగా నవ్వి, పర్వాలేదమ్మా, దగ్గరి అక్షరం ఏదైనా వేసుకోండి అంటారు. మరి ఆ సర్దుబాటేదో మొదటే చెబితే, 'చో'తో పేరు దొరక్క మూడు నెలలు మాటలు మానేసిన ఆలుమగలు ఎంత బాగుపడేవాళ్ళు!

జన్మనామం వేరు, వ్యవహారనామం వేరు అని పాతవాళ్ళు ఏనాడో దారి చూపించారు. నక్షత్రానికి తగ్గ పేరు పూజకీ సంకల్పానికీ ఉంచుకుని, పిలుచుకోవడానికి నచ్చింది పెట్టుకోమన్నారు. అది మనకి పనికిరాదు. గొడవకి వీల్లేని సంప్రదాయం సంప్రదాయమేనా?

పైగా ఆ నక్షత్రమైనా తనంతట తాను వచ్చిందా? 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో కాన్పుల్లో 60.7 శాతం సిజేరియన్లే, దేశంలో అన్నిటికంటే ఎక్కువ. ఆంధ్రప్రదేశ్‌లో 42.4. దేశం మొత్తానికి 21.5. అన్నీ ముహూర్తపు కోతలని నేననను. తల్లీబిడ్డల ప్రాణం కోసం చేసినవి ఉన్నాయి, ఆస్పత్రి బిల్లు కోసం చేసినవీ ఉన్నాయి. కానీ డాక్టరు చేతికి చీటీ ఇచ్చి, మంగళవారం వద్దండీ, బుధవారం ఉదయం తొమ్మిదీ పన్నెండుకి తియ్యండి అని బతిమాలేవాళ్ళు మనలో లేరా? కత్తి ఎప్పుడు పెట్టాలో మీరే చెప్పి, నక్షత్రం, పాదం, లగ్నం మీరే ఏరుకుని, తీరా పేరు దగ్గరికొచ్చేసరికి 'నక్షత్రం ఇచ్చిన అక్షరమండీ, మన చేతిలో ఏముంది' అంటే ఎలా నాయనా?

సరే, అక్షరం కుదిరింది. ఇప్పుడు న్యూమరాలజీ గారు దిగుతారు. ఈయన లెక్కకి కాల్డియన్ పద్ధతి అని పేరు. కాల్డియన్లు ఎక్కడివాళ్ళు? బాబిలోన్‌వాళ్ళు. వాళ్ళు తడిమట్టి పలకల మీద మేకుల్లాంటి గీతలు నొక్కి రాసుకున్నారు. ఈయన లెక్కపెట్టేది ఇంగ్లీషు అక్షరాలని. అందులో 'జే' అనేది 'ఐ' నుంచి వేరుపడింది మొన్నటి 16వ శతాబ్దంలో. అయినా దానికి ఒకటి అనే విలువ బాబిలోన్ నుంచి భద్రంగా దిగుమతి అయింది. ఇంకా తమాషా, తెలుగులో రాసిన పేరుకి ఈ శాస్త్రంలో విలువే లేదు. అమ్మ చెవిలో చెప్పే పేరుకి అదృష్టం లేదట, ఆధార్ కార్డు మీద ఇంగ్లీషులో పడేదానికే ఉందట. కాబట్టి ముందు రెండు 'ఏ'లు, నడుమ అదనంగా ఒక 'ఎన్', తోకకి ఒక 'హెచ్' తగిలిస్తారు. ఆ పిల్లవాడు పెద్దయ్యాక బ్యాంకులో, పాస్‌పోర్ట్ ఆఫీసులో, రైలు టికెట్టు దగ్గర 'డబుల్ ఏ అండీ, వెనక కాదు, ముందు' అని చెప్పుకుంటూ తిరుగుతాడు. పదో తరగతి మెమోలో ఒకలా, పాన్ కార్డులో ఇంకోలా పడితే నోటరీ దగ్గర అఫిడవిట్లు. ఆ హెచ్ వల్ల అదృష్టం పట్టేది నోటరీకే.

తరవాత తాతలు. మొదటి మగపిల్లాడికి నాన్న నాన్న పేరు పెట్టడం మనలో చాలా ఇళ్ళ ఆనవాయితీ. మామగారి పేరు నోటితో అనకూడదు గనక కోడలు ఆ పిల్లాణ్ణి ఏ 'చంటి' అనో 'అబ్బాయి' అనో పిలిచి కాలక్షేపం చేసేది. ఆ రోజులు పోయాయి. ఇప్పటి కోడలు, మీ నాన్న పేరు పెడితే మా నాన్న పేరూ ఉండాలంటుంది. అందులో అన్యాయం ఏమీ లేదు. మరి రాజీ ఎలా కుదురుతుంది? సుబ్బారావుగారూ ఉంటారు, సత్యనారాయణగారూ ఉంటారు, కాకపోతే ఇద్దరూ చెరో ఎస్ అయి ఉంటారు. పిల్లాడు ఎస్. ఎస్. రేయాంశ్. బతికున్నంతకాలం ఒక్క కేకతో వీధిని అదిలించిన పెద్దమనిషి, మనవడి పేరులో ఒక ఇంగ్లీషు అక్షరమై, పక్కన చుక్కతో నిలబడతాడు. తాతలని గౌరవించామని రెండు వైపులా సంతృప్తి.

ఈమధ్య ఒక బారసాలకి వెళ్ళాను. రెండు ఆహ్వానాలు వచ్చాయి నాకు. అబ్బాయి వైపు కార్డులో పాప పేరు ఒకటి, అమ్మాయి వైపు కార్డులో ఇంకొకటి. ఫంక్షన్ హాలులో బెలూన్ల మధ్య కట్టిన ఫ్లెక్సీలో ఏ పేరూ లేదు. ప్రింటింగు వాడు తెలివైనవాడు, 'మా బంగారుతల్లి నామకరణ మహోత్సవం' అని వేసి ఊరుకున్నాడు. పీటల మీద కూర్చున్నారు. ఇత్తడి పళ్ళెంలో బియ్యం పోసి, తండ్రి చేతికి ఉంగరం ఇచ్చి రాయమన్నారు పంతులుగారు. తండ్రి మూడక్షరాలు రాశాడు. తల్లి ఆయన మోకాలి మీద చిన్నగా గిల్లింది, అంతమందిలో నాకొక్కడికే కనపడిందనుకోను. పంతులుగారు మారు మాట్లాడకుండా అరచేత్తో బియ్యం సాపు చేశారు. మళ్ళీ రాశాడు. ఈసారి మేనత్త లేచింది, పేరు పెట్టే హక్కు ఆడబిడ్డది అని. ఫోనులో డల్లాస్ నుంచి మేనమామ, అక్కడ అర్ధరాత్రి దాటిందో ఏమో, ఆవులిస్తూనే ఆక్షేపించాడు. మళ్ళీ సాపు చేశారు. చివరికి నాలుగు పేర్లు కలిపి రాయబోతే 'బాబూ, పళ్ళెం చాలదు' అన్నారు పంతులుగారు. పక్క పళ్ళెం తెప్పించారు. అంతా అయ్యాక అక్షింతలు వేసి, భోజనాల దగ్గర అందరూ ఆ పిల్లని ఏమని పిలిచారంటారా? చిన్ని.

ఇంత యుద్ధం చేసి సాధించేది 'యూనిక్' పేరట. ఒకసారి ఏ కార్పొరేట్ స్కూల్లోనైనా ఎల్‌కేజీ గది ముందు నిలబడి హాజరు వినండి. ఆర్యాంశ్, రేయాంశ్, దేవాంశ్, వియాంశ్. అన్విక, తన్విక, ఆద్విక, శాన్విక. టీచరు ఒక్కరిని పిలిస్తే అరడజను మంది లేస్తారు. ఆ గదిలోకి ఒక ఓబులేసునో, యాదగిరినో, కొమురయ్యనో, మద్దిలేటినో, సింహాచలాన్నో పంపండి, అప్పుడు తెలుస్తుంది యూనిక్ అంటే. ఓబులేసు అంటే అహోబిలం గాలి, కొమురయ్య అంటే కొమురవెల్లి జాతర, మద్దిలేటి అంటే కర్నూలు సీమ. పేరు చెబితే ఊరు తెలిసేది. నిజమే, కులమూ తెలిసేది. అందుకని కొన్ని పేర్లని వదిలించుకున్నవాళ్ళని నేను తప్పు పట్టను. ముందు బిడ్డలు దక్కలేదని దిష్టి తగలకుండా పెంటయ్య అని పెడితే, ఆ పేరు జీవితాంతం మోసింది అతనే, పెట్టినవాళ్ళు కాదు. కానీ పెంటయ్యని వదిలించుకున్నవాడూ, వదిలించుకోవాల్సిన పని లేనివాడూ అందరూ కలిసి ఒకే 'ఆంశ్'లో వచ్చి పడాలా?

పేర్ల తగాదా లేకుండా సంసారం నడిపిన ఘనత ఎన్టీ రామారావుగారిది. 8 మంది కొడుకులు, అందరూ కృష్ణులే: హరికృష్ణ, మోహనకృష్ణ, బాలకృష్ణ, జయకృష్ణ, ఇలా. నలుగురు కూతుళ్ళు, అందరూ ఈశ్వరులు: లోకేశ్వరి, పురందేశ్వరి, భువనేశ్వరి, ఉమామహేశ్వరి. ఒకసారి సూత్రం కట్టేస్తే మళ్ళీ చర్చే లేదు. ఇప్పుడు ఒక్క బిడ్డ, మహా అయితే ఇద్దరు. సూత్రం కట్టే అవకాశం లేదు, ఉన్న ఒక్క పేరు కోసమే కొట్టుకు చావాలి.

కొట్టుకోవడం ఇంట్లోనే ఆగినా బాగుండు. కర్ణాటకలో హుణసూరు కోర్టులో 2024 డిసెంబరులో ఒక సంసారం పేరు దగ్గర విడిపోయి, పేరు దగ్గరే కలిసింది. ఆమె పిల్లాడికి పెట్టుకున్న పేరు ఆయనకి నచ్చలేదు. మాటామాటా పెరిగి మనోవర్తి దావా దాకా పోయింది. బాబుకి మూడేళ్ళు వచ్చాయి. చివరికి న్యాయమూర్తులే ఒక పేరు చూపించి ఒప్పించాక, కోర్టులోనే దంపతులు దండలు మార్చుకున్నారు. అంతకుముందు 2023లో కేరళ హైకోర్టు ముందుకి ఇంకో కేసు వచ్చింది. విడిగా ఉంటున్న తల్లిదండ్రులకి పేరు కుదరలేదు, జనన ధ్రువపత్రంలో పేరు లేదని బడివాళ్ళు అభ్యంతరం పెట్టారు, పేరు నమోదుకి ఇద్దరూ రావాలని రిజిస్ట్రారు పట్టుపట్టాడు. హైకోర్టే తల్లీతండ్రీ అయి పేరు పెట్టింది. ఏం పెట్టింది? తల్లి కోరిన పేరు పెట్టి, పక్కన తండ్రి పేరు చేర్చింది.

ఆ తీర్పులో న్యాయం ఉంది. ఈ మొత్తం గొడవలో ఒక్క మాట మాత్రం ఎవరి నోటా రాదు. అది ఇంటిపేరు. బిడ్డ పుట్టగానే, ఏ నక్షత్రాన్నీ అడగకుండా, ఏ సంఖ్యా లెక్కపెట్టకుండా, ఏ పళ్ళెంలోనూ రాయకుండా నాన్నగారి ఇంటిపేరు వచ్చి ముందు కూర్చుంటుంది. దాని మీద చర్చ లేదు, రాజీ లేదు, వాట్సాప్ గ్రూపు లేదు. తొమ్మిది నెలలు మోసి, కోత పెట్టించుకుని కన్న మనిషి ఇంటిపేరు పెళ్ళిపీటల మీదే పోయింది, చాలాచోట్ల పాస్‌పోర్టులో కూడా. అంటే పేరులో సగం ఆయనకి ముందే, ఉచితంగా వచ్చేసింది. మిగిలిన సగం కోసం ఆయనా, ఆయన అమ్మా, ఆయన అక్కా, ఆయన సిద్ధాంతీ కలిసి పోరాటం. దీన్ని దంపతుల భేదాభిప్రాయం అనడం నాకు నోరు రాదు.

ఆవిడ పెట్టే పేరు అద్భుతంగా ఉంటుందని నేను హామీ ఇవ్వను. ఏ సీరియల్ నుంచో తెచ్చిందే కావచ్చు, దానికీ చివర 'ఆంశ్' ఉండే అవకాశం పుష్కలంగా ఉంది. ఉండనివ్వండి. మీ ఇంటిపేరు ఎంత బాగుందని ఎవరైనా అడిగారా?

కాబట్టి అయ్యా, చట్టం మీకు కావలసినంత వ్యవధి ఇచ్చింది. 1969 నాటి చట్టం ప్రకారం పుట్టిన 21 రోజుల్లో జననం తెలియజేస్తే చాలు, పేరు లేకపోయినా నమోదు చేస్తారు. పేరు 12 నెలల్లోపు ఇస్తే రుసుము లేదు. ఆ తరవాత ఆలస్య రుసుముతో 15 ఏళ్ళ దాకా చేర్చుకోవచ్చు. కానీ 2023 అక్టోబరు 1న గానీ ఆ తరవాత గానీ పుట్టినవాళ్ళకి బడిలో చేరడానికైనా, పాస్‌పోర్టుకైనా, ఓటుకైనా ఆ జనన ధ్రువపత్రమే ఆధారం. పేరు గడి ఖాళీగా ఉంచి ఏళ్ళు గడపకండి. మునిసిపల్ ఆఫీసుకో పంచాయతీకో ఇద్దరూ కలిసి వెళ్ళండి. కలం ఆవిడ చేతికివ్వండి.