తూటు పైస సారు

నిజామాబాద్ గాంధీచౌక్‌లోనో, బోధన్ శక్కర్‌నగర్ దిక్కు టీకొట్టులోనో ఈయన తగలకుండా పోడు. చొక్కా జేబులో భూతద్దం, ప్యాంటు జేబులో అయస్కాంతం. షుగర్ ఫ్యాక్టరీలోనో, సర్కారు బడిలోనో చేసి రిటైరై ఉంటాడు. చిల్లర చేతిలో పెడితే లెక్కపెట్టుకోడు, అంచు నిమురుతాడు.

రెండో ప్రపంచ యుద్ధం మన నానమ్మల కొంగుముళ్ళలోనే జరిగిందని ఆయన నమ్మకం. "ఇంట్ల పాత బిళ్ళలుంటే పట్కరా బిడ్డా" అంటాడు. పట్టుకెళ్తే ఆ సాయంత్రం మీది కాదు. 1943 నాటి కల్దార్ పైస, అంటే ఇంగ్లీషు సర్కారుది, తీసి, నడిమి తూటులోంచి మిమ్మల్నే చూస్తూ, "రాగి తూటాలకు వోయింది, పైసకు తూటు మిగిలింది" అంటాడు. అంటూనే నవ్వుతాడు. వందసార్లు విన్న టీకొట్టాయన కూడా నవ్వుతాడు, ఖాతా ఉంది మరి.

తర్వాత వెండి. 1940లో కల్దార్ రూపాయిలో వెండిని 91.7 శాతం నుంచి సగానికి దించారు. జనం మంచి రూపాయిలు పాతిపెట్టుకుంటుంటే ఆ ఏడే రూపాయి నోటు దింపారు. చాలక అమెరికా దగ్గర 22 కోట్ల ఔన్సులకు పైగా వెండి అప్పు తెచ్చారు. అది తిరిగి కట్టాలి గనక 1947 రూపాయి నికెల్‌తో వచ్చింది. అంటూ దాన్ని అయస్కాంతానికి టక్కున అతికించి చూపిస్తాడు. ఇంత చెప్పినా ఆయన అసలు బాధ నిజాం మీద. నిజాం సొంత నాణెం హాలీ రూపాయిలోనూ 82 పాళ్ళ వెండి హిజ్రీ 1361 నుంచి యాభైకి పడింది. "మన సర్కారు గూడ గట్లనే జేసె!" అంటాడు, నిన్న సంతలో మోసపోయినట్టు. ఆ కోపంలోనే భూతద్దం మీ చేతికిచ్చి, హాలీ బిళ్ళ మీది చార్మినార్ గుమ్మంలో నిజాం ఉస్మాన్ అలీఖాన్ పేరు తాలూకు 'అయిన్' అక్షరం కనపడిందనేదాకా వదలడు.

బస్టాండు బాపతు ఒకడు రాముడి పట్టాభిషేకం ఉన్న 1818 ఈస్టిండియా కంపెనీ బిళ్ళ తెస్తాడు. బియ్యం గుంజుతుందట, లక్షలట. "కంపెనోడు రాముణ్ణి ఎన్నడు కొట్టిండ్రా?" అని కసిరి, వాడు మెట్లు దిగుతుంటే "పది రూపాలకిస్తవా? దొంగబిళ్ళల డబ్బా వేరే ఉన్నది" అంటాడు.

తన తూటు పైస ధరెంతని అడిగితే మాత్రం మొహం మాడుతుంది. కోట్ల కొద్దీ కొట్టిన సరుకు, రేటేం పలుకుతుంది? నాకైతే అదే ఆయనలో నచ్చేది. అమ్ముకోవడానికి పోగేసేవాడు ఇంత మాట్లాడడు.

పెళ్ళిళ్ళకు పిలవక తప్పదు. నూరు కల్దార్లకు హాలీలో 116 రూపాయల 10 అణాల 8 పైలు, మన నూట పదహార్లు అందులోంచే వచ్చాయని ఆయన సిద్ధాంతం. పంతులుగారు ఒప్పుకోరు. మంత్రాల మధ్యే ఇద్దరికీ వాదన. చివరికి 116 పెట్టిన కవరు మీద "10 అణాల 8 పైలు బాకీ" అని రాసిస్తాడు. మొన్న ఓ పెళ్ళికొడుకు తండ్రి, "బాకీ ఇప్పుడే ఇయ్యరాదు సారూ" అన్నాడు. సారు అగ్గిపెట్టె తెరిచాడు. హాలీ ఎనిమిదణాల బిళ్ళ ఒకటి, రెండణాలది ఒకటి, తూటున్న రెండు పైల బిళ్ళలు నాలుగు. లెక్క సరిగ్గా సరిపోయింది. వియ్యంకులిద్దరికీ భూతద్దంతో వరసగా చూపించి, పెట్టె మూసి జేబులో వేసుకుని బంతిలో కూర్చున్నాడు.