విశాలాంగరంజని: పెద్ద చొక్కా పద్యానికి టీకా తాత్పర్యం

మూలం (ఆటవెలది)

ఎక్సులెన్ని యున్న నేమి యంగడిలోన
బొజ్జకొప్పు చొక్క భుజము జారు
చేతికందునంగి చెప్పి తెప్పించిన
నడుముకెక్కువౌను నాల్గువేళ్ళు

అవతారిక: కవి పేరు తెలియదు. దుఃఖంలోని నిజాయితీని బట్టి ఛాతీ నలభై నాలుగు దాటిన పుణ్యపురుషుడని ఊహించవచ్చు. పద్యం పుట్టింది బెజవాడ బీసెంట్ రోడ్డులోనని కొందరు, కాదు సుల్తాన్ బజారులోనని కొందరు. ఎక్కడ పుట్టినా అర్థం మారదు కనుక ఆ తగవు మనకొద్దు. కాళిదాసుకు సంజీవని వ్యాఖ్య రాసిన మల్లినాథసూరి మెదక్ జిల్లా కొల్చారం వాడంటారు. అక్కరలేనిది చెప్పనని ఆయన ముందే మాట ఇచ్చాడు. ప్రస్తుత వ్యాఖ్యాత అలాంటి మాట ఏదీ ఇవ్వలేదు.

ప్రతిపదార్థం: అంగడిలోనన్ = బట్టల కొట్టునందు; ఎక్సులు = ఎల్ అను అక్షరమునకు ముందు బారులు తీరు గుర్తులు; ఎన్ని యున్నన్ = రెండైనను, మూడైనను, ఆరైనను; ఏమి = ఫలమేమి (లేదనుట); బొజ్జకు ఒప్పు = కూర్చున్నప్పుడు గుండీ తెగి ఎదుటివాని కంటికి తగులకుండునట్టి; చొక్క = చొక్కా; భుజము జారు = భుజముపై ఉండవలసిన కుట్టు మోచేతి దిక్కుగా ప్రయాణించును; చేతికి అందు = మణికట్టు దాక వచ్చునట్టి; అంగి = అదియే, తెలంగాణమున; చెప్పి తెప్పించినన్ = ముందుగా చెప్పి, వారమాగి, ఫోను చేసి, మరల ఫోను చేసి తెప్పించినను; నడుముకు నాల్గువేళ్ళు ఎక్కువ ఔను = స్పష్టము.

తాత్పర్యం: లావుపాటివాడికి దొరికిన చొక్కా భుజాల దగ్గర చెడుతుంది. పొడుగువాడికి దొరికినది నడుము దగ్గర చెడుతుంది. ఇద్దరూ డబ్బు మాత్రం పూర్తిగా కడతారు.

విశేషాలు: చొక్కా అనకుండా చొక్క అన్నాడేమి? గణం కోసమని లాక్షణికులంటారు. ఒక ఉతుకు పడి ఉంటుందని అనుభవజ్ఞులంటారు. ఇక ఆటవెలదిలో ఒకటి, మూడు పాదాలు పొడుగు, రెండు, నాలుగు పొట్టి. కొట్టులో మన కాళ్ళకు దొరికే ప్యాంట్ల స్థితికి ఇంతకంటే తగిన ఛందస్సు లేదు.

పద్యంలో నాయకులు ఇద్దరని గమనించాలి. పూర్వార్ధంలో స్థూలుడు, ఉత్తరార్ధంలో ఉన్నతుడు. అమెరికాలో వీరిద్దరికీ కలిపి ‘బిగ్ అండ్ టాల్’ అని వేరే విభాగమే ఉంటుంది. ఆ మాటను అక్కడివాళ్ళు ద్వంద్వసమాసంగా అర్థం చేసుకున్నారు: లావువాడూ, పొడుగువాడూ. అందుకే ఎల్‌టీ, ఎక్సెల్‌టీ అని చివర ఒక టీ తగిలిస్తే అది పొడుగువాడిది. ఒళ్ళు దాదాపు రెండంగుళాలు దిగుతుంది, చేతులు పొడుగవుతాయి, నడుము మాత్రం ఉన్నచోటే ఉంటుంది. మన కొట్లవాళ్ళు దాన్నే కర్మధారయం చేశారు. లావైనవాడే పొడుగువాడు, పొడుగైనవాడే లావువాడు. మన కష్టాలన్నీ ఈ సమాసదోషం నుంచి పుట్టినవే. అందుకే డల్లాస్ నుంచి వచ్చే ఆరడుగుల మేనల్లుడు పెట్టెలో బాదంపప్పుకు కాస్త చోటు తగ్గించి, చివర టీ ఉన్న చొక్కాలు తెచ్చుకుంటాడు.

‘బొజ్జకొప్పు చొక్క భుజము జారు’ అన్న పాదం ఈ పద్యానికి ప్రాణం. ఫ్యాక్టరీలో ఒక నడిమి సైజుకు నమూనా కత్తిరిస్తారు. దాన్నే మెట్టుమెట్టుగా పెంచుకుంటూ పోతారు. ఛాతీ రెండంగుళాలు పెరిగినప్పుడల్లా మెడ, భుజం, చంక, పొడవు కూడా ఎంతో కొంత పెరుగుతాయి. మనిషి అలా పెరగడు. ముప్పై దాటాక పెరిగేది కండా కొవ్వే గాని ఎముక కాదు. పెళ్ళినాడు భుజానికీ భుజానికీ మధ్య ఎంత దూరమో షష్టిపూర్తినాడూ అంతే. నాలుగు ఎక్సుల చొక్కా కుట్టినవాడు మాత్రం ఉదరంతో పాటు అస్థిపంజరం కూడా పెరిగిన ఒక రాక్షసుణ్ణి మనసులో పెట్టుకుని కుట్టాడు. అలాంటివాడు రెడీమేడ్ కొట్టుకు రాడు. వచ్చేది మనం.

అంకెలు చూసి కొనవచ్చు కదా అని శంక. సమాధానం: ఫార్మల్ చొక్కా మీద 42 అంటే మెడపట్టీ చుట్టుకొలత, సెంటీమీటర్లలో. టీషర్టు మీద 42 అంటే ఛాతీ, అంగుళాలలో. ప్యాంటు మీద 42 అంటే నడుము, మళ్ళీ అంగుళాలలో. ఒకే అంకె, మూడు అవయవాలు, రెండు మానాలు. పొగను చూసి నిప్పును ఊహించినట్టు మెడను కొలిచి బొజ్జను ఊహించడం మొదటి పద్ధతి. దీన్ని నైయాయికులు అనుమాన ప్రమాణం అంటారు. టేపు పెట్టి కొలిస్తే అది ప్రత్యక్షం. ఆ టేపు మెళ్ళో వేసుకుని తిరిగే కుర్రాడు దాన్ని తీసి మనకు చుట్టడం మాత్రం అరుదైన దర్శనం.

అసలు ఈ దేశపు ఒళ్ళు ఎవరైనా కొలిచారా అంటే, చాలాకాలం లేదు. అమెరికా, బ్రిటన్ కొలతలనే అటూ ఇటూ సర్ది వాడుకున్నారు. కేంద్ర జౌళి శాఖ, నిఫ్ట్ కలిసి ‘ఇండియాసైజ్’ పేరుతో, హైదరాబాదు సహా ఆరు నగరాల్లో, 15 నుంచి 65 ఏళ్ళ వయసువాళ్ళు 25,000 మందిని త్రీడీ స్కానర్లతో కొలిచే పని తలపెట్టాయి. ఇక పెద్ద సైజులకే ప్రత్యేకంగా కొట్లు తెరిచిన ఫ్యూచర్ గ్రూపు వాటికి ‘ఆల్’ అని పేరు పెట్టింది. విప్పితే ‘ఎ లిటిల్ లార్జర్’, అంటే కాస్తంత పెద్ద. ఇంత మర్యాదగల అల్పోక్తి ప్రబంధాల్లో కూడా అరుదు.

పాఠాంతరాలు: ఈ విషయంపై కౌంటరు దగ్గర వినిపించే పాఠాలు రెండు. బిగుతుగా ఉంటే, “ఉతికితే సాగుతది అన్నా.” వదులుగా ఉంటే, “ఉతికితే పట్టేస్తది అన్నా.” ఒకే తాను గుడ్డ గురించి, ఒకే నోట, పది నిమిషాల తేడాతో. రెండూ ప్రామాణికాలు కావు. “నీ సైజు లేదన్నా” అన్న మూడో పాఠం మనసుకు కష్టమైనా నమ్మదగినది.

ధ్వని: పద్యంలో రంగు ప్రస్తావన ఎక్కడా లేదు. ఇది కవి మరుపు కాదు. ఈ సైజులో రంగు ఎంచుకునే ప్రసక్తే రాదని వ్యంగ్యం. ఉన్నవి నేవీ బ్లూ, నలుపు. పండగ పూట ఇంకొంచెం ఉత్సాహం చూపితే నిలువు చారలు.

భీముడికి, ఘటోత్కచుడికి లేని బాధ మనకెందుకని మరో శంక. వాళ్ళు కట్టినది కుట్టని బట్ట. పంచెకు సైజు లేదు, బొజ్జ తరిగినా పెరిగినా ముడి జరుగుతుంది. అయితే ఉన్నతుడికి ఇక్కడా చిక్కే. పన్నా చాలక పంచె చీలమండ పైనే ఆగిపోతుంది.

‘నాల్గువేళ్ళు’ గురించి నా అభిప్రాయం వేరు. ఇద్దరిలో ఉన్నతుడే అదృష్టవంతుడు. నడుము వదులైతే పక్క కుట్లు లోపలికి పట్టించవచ్చు, అరగంట పని. భుజం తగ్గించాలంటే చెయ్యి ఊడదీసి మళ్ళీ కుట్టాలి, ఆ మాటకు దర్జీ ముఖం చూడాలి. బిగుతైన చొక్కానైతే ఎవరూ వదులు చేయలేరు. రెడీమేడ్ కుట్టులో లోపల గుడ్డ మిగల్చరు. కవి ఈ తారతమ్యం చెప్పకుండా ఇద్దరినీ సమానంగా ఏడిపించడం ఈ పద్యంలోని ఒకే ఒక లోపం.

గుడ్డ కొని కుట్టించుకునే మార్గం మిగిలింది. అందులోనూ ఒక మెలిక ఉంది. పెట్టెలో అందంగా మడిచి అమ్మే పీసు చొక్కాకు 1.60 మీటర్లు, ప్యాంటుకు 1.20. అది నడిమి మనిషి లెక్క. దర్జీ మడత విప్పి, టేపు వేసి, “ఫుల్ హ్యాండ్స్ రాదు సార్, హాఫ్ పెట్టమంటారా?” అంటాడు. పెళ్ళి వారం రోజుల్లో ఉంటే సరేనంటాం.

కాబట్టి పాఠకులు పీసు పెట్టె జోలికి పోకుండా తాను నుంచి కొలిపించుకోండి. 58 అంగుళాల పన్నాలో చొక్కాకు రెండు మీటర్లు అడగండి. ప్యాంటు వెనక కుట్టులో రెండంగుళాల గుడ్డ వదలమని దర్జీకి చెప్పి, రసీదు మీద రాయించుకోండి. దసరాకు తొడుక్కోవాలంటే శ్రావణంలోనే ఇచ్చెయ్యండి.